నాచు జాలీ

ఏలూరు తంగెళ్ళమూడిలో హఫీజ్ మోటారు వైండింగ్ షాపు చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళకు కూడా తెలుసు. ఆయన చుట్టిన మోటారు మళ్ళీ కాలదని పేరు. ఆ పేరంటే ఆయనకు ప్రాణం. ఎవరైనా వచ్చి, మీరు చుట్టింది కాస్త వేడెక్కుతోందండీ అంటే చాలు, మారుమాట లేకుండా డబ్బు వెనక్కిచ్చేసి, ఆ మనిషితో మళ్ళీ మాట్లాడేవాడు కాదు. మిగతా అన్నిటికీ మనసు వెన్నే. పని జోలికి మాత్రం వెళ్ళకూడదు, అంతే.

ఆయన భార్య రేహానా ఇంటి దగ్గర జాకెట్లు కుట్టేది. పెళ్ళయిన కొత్తలో హఫీజ్ ఆమె కుట్టుమిషన్‌కి తన చేత్తో ఒక మోటారు బిగించి, ఇంక నీ కాళ్ళకి పనిలేదు అన్నాడు. మోటారు గట్టిదే. ఏ పిండిమరకో బిగించి ఉంటే ఇంకా రాణించేది. పెడల్ మీద అలా కాలు ఆనిస్తే చాలు, గుడ్డను గుంజుకుని పరుగెత్తేది. మెడ గుండ్రం తిప్పుదామనుకునేలోపు భుజం దాటిపోయేది. రేహానా ఆ సంగతి ఒక్కనాడూ చెప్పలేదు. ఆయన షాపుకి వెళ్ళగానే మోటారు బెల్టు ఊడదీసి, హాయిగా కాలితో తొక్కుకునేది. సందు మొదట్లో మోపెడ్ చప్పుడు వినపడగానే మళ్ళీ తగిలించేది. పదిహేనేళ్ళు ఇలాగే గడిచాయంటే నమ్మశక్యంగా ఉండదు గాని, సంసారాల్లో ఇంతకంటే విడ్డూరాలు బోలెడుంటాయి.

ఆ మిషను ముందు ఉన్నది వట్టి గోడ. కొంగు దులుపుకుంటే సున్నం రాలేది. తలెత్తితే అదే గోడ, దించితే జాకెట్టు గుడ్డ. అలాంటి చోట ఆమె తమ్ముడు ఫారూఖ్ ఒకరోజు పెద్ద గాజుతొట్టె తెచ్చి పెట్టాడు. పవర్‌పేటలో వాడికి రంగుచేపల దుకాణం ఉండేది. దాన్ని ఎత్తేసి విశాఖపట్నం మకాం మార్చే ఏర్పాట్లలో ఉండి, ఉప్పునీళ్ళ తొట్టె అంత దూరం ప్రయాణానికి ఓర్వదని అక్క ఇంట్లో దించాడు. అందులో తెల్లపట్టీలున్న నారింజరంగు చేపలు రెండు, ఎర్రచారల రొయ్య ఒకటి, రాతిని పట్టుకుని వేళ్ళు ఊపుతూ ఉండే సముద్రపు పువ్వు ఒకటి. అది పువ్వు కాదు, ప్రాణమున్న జంతువు అక్కా అని ఫారూఖ్ ఎంత చెప్పినా రేహానాకి అది పువ్వే. చేపలు రెండూ ఆ పువ్వులోనే దూరి పడుకునేవి. వాటిని చూస్తూ మొదటి వారంలో ఆమె ఎవరిదో జాకెట్టుకి చేతులు తారుమారు చేసి కుట్టి, విప్పి మళ్ళీ కుట్టింది. అయినా ఆమెకి బాధనిపించలేదు.

ఫారూఖ్ ఊళ్ళో ఉన్నంతకాలం పేరుపాలెం సముద్రం నుంచి క్యాన్లలో నీళ్ళు తెచ్చి మార్చేవాడు. వాడు వెళ్ళాక తెచ్చేవాళ్ళు లేరు. తొట్టెలో నీళ్ళు పాతబడ్డాయి, అద్దాలకి నాచు పట్టింది, రాళ్ళకి పట్టింది, చివరికి పువ్వు మొదట్లోనూ పట్టింది. ఫోన్లో ఈ మాట విని ఫారూఖ్ నిట్టూర్చాడు. ఇలాగే వదిలేస్తే అన్నీ చచ్చిపోతాయి, రంజాన్ పండక్కి వచ్చినప్పుడు పట్టుకుపోయి ఇక్కడ ఎవరికైనా ఇచ్చేస్తాను అన్నాడు. రేహానా అలాగేలేరా అని ఫోను పెట్టేసింది. పెట్టేశాక గోడని తలుచుకుంటే ఏడుపొచ్చింది.

మర్నాడు ఫారూఖే మళ్ళీ ఫోను చేశాడు. ఒక దారి ఉందట. ఇంటర్నెట్‌లో చూశాడట. తొట్టె పైన ఒక గరుకు జాలీ వేలాడదీసి, దానిమీద నుంచి నీళ్ళు ఎడతెగకుండా జారి మళ్ళీ తొట్టెలోనే పడేలా చెయ్యాలి. రెండు పక్కలా బల్బులు పెట్టాలి. అంత వెలుగు, అంత నీరు దొరికితే నాచు ఆ జాలీ మీదే ఒత్తుగా పెరిగి, నీళ్ళలో ఉన్న మురికినంతా తినేస్తుంది. వారానికోసారి దాన్ని గీకి పారేస్తే సరి, తొట్టెలో నాచుకి తిండి మిగలదు. విదేశాల్లో ఎవరింట్లో వాళ్ళే చేసుకుంటున్నారట.

ఈ మాట విని గంగారత్నం పడీపడీ నవ్వింది. గంగారత్నానిది కొల్లేటికోట. కొల్లేట్లో సర్కారువాళ్ళు చేపలచెరువుల గట్లు కొట్టేసిన దగ్గర్నుంచి చేపలబుట్ట నెత్తిన పెట్టుకుని ఏలూరు వీధుల్లో తిరుగుతూ, రోజూ మధ్యాహ్నం రేహానా అరుగు మీద కాసేపు నడుం వాల్చేది. నాచు పడితే చెరువు పోయినట్టేనని తాము మందులు కొట్టి చంపుకుంటుంటే, దీపాలు పెట్టి మరీ పెంచుకునే ఇల్లు ఇప్పుడే చూస్తున్నానంది.

రేహానా ఆ రాత్రి అన్నం వడ్డిస్తూ, వింటాడో వినడో అనుకుంటూనే భర్తకి సంగతంతా చెప్పింది. ఆ తొట్టెని ఉప్పుచెరువు అని వెక్కిరించే మనిషి, కళ్ళు మూసుకుని ఆఖరిదాకా విన్నాడు. విని, పెన్సిల్ తెమ్మన్నాడు.

శుక్రవారం షాపు కట్టేసి, నమాజుకి వెళ్ళొచ్చి పనిలో దిగాడు. ప్లాస్టిక్ పైపుకి రంపంతో పొడుగ్గా చీలిక కోశాడు. ఎయిర్ కూలర్ పంపుని తొట్టెలో దించి పైపుకి తగిలించాడు, రెండు పక్కలా బల్బులు అమర్చాడు. జాలీకి ఏం చెయ్యాలా అని చూస్తుంటే, రేహానా ఊలుపూలు కుట్టడానికి దాచుకున్న ప్లాస్టిక్ జాలీ తెచ్చి ఇచ్చింది. ఆయన దాన్ని గరుకు కాగితంతో రుద్దాడు, చీలికలో దూర్చాడు, జారిపోకుండా అంగుళానికొక ముడి చొప్పున పైపుకి కట్టాడు. అడుగు అంచు ముడుచుకోకుండా దాని పొడుగునా తీగ దూర్చాడు. కట్టింది దేనితోననుకున్నారు? వైండింగ్ చేసేవాడి ఇంట్లో తీగకి కొదవేమిటి, రాగితీగతో. ఇనుము ఉప్పునీళ్ళకి తుప్పు పడుతుందనీ, రాగికి ఆ భయం లేదనీ గర్వంగా చెప్పాడు కూడా. చెబుతూ, ఎన్నేళ్ళ అలవాటో, తీగ మీది వార్నిషుని బ్లేడుతో శుభ్రంగా గీకి, రాగి మిలమిలలాడాకే మెలిపెట్టాడు.

నీళ్ళు జాలీ మీద పల్చటి తెరలా జారాయి. రేహానా పక్కనే పీట వేసుకుని కూర్చుంది. తన కోసం ఆయన అంతసేపు ఒకచోట కూర్చుని పనిచెయ్యడం మోటారు బిగించిన రోజు తర్వాత అదే. ఆమెకి ఎంత సంతోషమేసిందంటే, జాలీ పనిచెయ్యకపోయినా ఫరవాలేదనిపించింది.

పనిచేసింది కూడా. చేసినట్టే కనపడింది. కొన్నాళ్ళకే అద్దాల మీది నాచు పాలిపోయి ఊడిపోయింది. హఫీజ్ షాపుకొచ్చిన వాళ్ళకల్లా చెప్పుకున్నాడు. రేహానాకి మాత్రం ఒక్కటి అర్థం కాలేదు. నాచు పెరగవలసిన జాలీ కొత్త జాకెట్టు లైనింగులా తెల్లగా ఉంది. అద్దం మీద లేక, జాలీ మీదా లేక, నాచు ఏమైనట్టు? తర్వాత రొయ్య వెల్లకిలా పడి కనపడింది. ఆ తర్వాత పువ్వు వేళ్ళు ముడుచుకుని గుప్పిటైంది. చేపలు దాని చుట్టూ తిరిగి తిరిగి, రాతి పక్కన పడుకున్నాయి.

ఆ మధ్యాహ్నం రేహానా జాలీని దగ్గరగా చూసింది. ముడుల కొసల దగ్గర నీలం కలిసిన ఆకుపచ్చ పొడి. వేలితో తుడిస్తే వేలికంటింది. ఆమె నాన్న లాల్ బాషా ఇంటింటికీ తిరిగి గిన్నెలకి కళాయి వేసేవాడు. కళాయి పోయిన రాగిగిన్నెలో ఉప్పుగాని, పులుపుగాని ఉంచితే చిలుము పడుతుందమ్మా, చిలుము విషం అని ప్రతి గడపలోనూ చెప్పేవాడు. ఆ మాట ఎన్నివందలసార్లు వింటూ పెరిగిందో, అయినా ఉప్పునీళ్ళలో రాగి దిగుతుంటే పీట వేసుకుని మరీ చూస్తూ కూర్చుంది. ఫారూఖ్‌కి ఫోను చేస్తే వాడు అదిరిపడ్డాడు. రాగి రొయ్యకీ పువ్వుకీ కూడా విషమే, నాచుని కూడా చంపుతుంది, ఇవాళే తీసెయ్యండి, వీలైనంత త్వరగా నీళ్ళు మార్చండి అన్నాడు.

తియ్యడానికి ఎంతసేపు? ఆయనకి చెప్పడమే ఎలాగో ఆమెకి తోచలేదు. ఊరంతా చెప్పుకున్న పని. వేడెక్కుతోందన్న పాపానికి ఆయనతో మాటలు పోగొట్టుకున్న మనుషులందరూ ఆమె కళ్ళముందు కదిలారు. పువ్వు చూస్తే గంటగంటకీ కుంచించుకుపోతోంది.

హఫీజ్ అప్పుడు గుండుగొలనులో ఎవరిదో చేపలచెరువు మోటారు విప్పుతున్నాడు. పొద్దుగూకితేగాని రాడు. రేహానా గంగారత్నాన్ని వల అల్లే నైలాన్ దారం అడిగింది. ఎందుకని అడక్కుండానే ఆమె బొడ్లోంచి ఉండ తీసి ఇచ్చింది. ఇద్దరూ కూర్చుని అంచు తీగ లాగేసి, ఒక్కొక్క రాగిముడీ విప్పి, అదే చోట దారం ముడి వేశారు. తీసిన తీగలు రేహానా బొత్తాల డబ్బాలో దాచింది. మోపెడ్ చప్పుడు వినపడగానే వెళ్ళి మిషను బెల్టు తగిలించింది.

హఫీజ్ కాళ్ళు కడుక్కుని వచ్చి, అలవాటుగా తొట్టె ముందు నిలబడ్డాడు. తన ముడి ఏదో, పరాయి ముడి ఏదో తెలియని మనిషా? ఒక ముడిని వేలితో నొక్కి చూశాడు. ముడుచుకున్న పువ్వుకేసి చూశాడు. ఏమీ అనలేదు. అన్నం తిన్నాడు, పడుకున్నాడు. రేహానా లేచేసరికి మనిషి లేడు. మోపెడ్ అరుగు పక్కనే ఉంది. షాపు తియ్యలేదని పక్కింటివాళ్ళు చెప్పారు.

ఆ రోజంతా ఆమెకి ఏ పనిమీదా మనసు నిలవలేదు. పదిహేనేళ్ళుగా గడప తొక్కకుండా తను కాచుకొచ్చిన ఆయన మౌనం ఇప్పుడు తన ఇంట్లోకే వచ్చిందనుకుంది. ఊరికే ఉండలేక మిషను ముందు కూర్చుని, బెల్టు ఊడదీసి, తొక్కడం మొదలుపెట్టింది. మోపెడ్ గుమ్మంలోనే ఉంది గనక చెవి వీధివైపు పెట్టలేదు.

పొద్దు వాలుతుండగా గుమ్మంలో ఎవరో నిలబడినట్టయి తలెత్తింది. హఫీజ్. రెండు చేతుల్లో రెండు క్యాన్లు, మోకాళ్ళదాకా తడిసి ఆరిన ఉప్పుచారలు. వెనక వీధిలో ఆకివీడు చేపల వ్యాను, అందులో ఇంకా క్యాన్లు. తెల్లవారుజామున నరసాపురం బస్సెక్కి పేరుపాలెం వెళ్ళి, సముద్రపు నీళ్ళు ముంచుకొచ్చాడు. చూపు మాత్రం క్యాన్ల మీద లేదు. మిషను పక్కన వేలాడుతున్న బెల్టు మీదా, తొక్కుడు పలక మీదున్న ఆమె కాళ్ళ మీదా ఉంది.

ముందు ఇద్దరూ కలిసి నీళ్ళు మార్చారు. ఆమె పాతనీళ్ళు చెంబుతో తోడింది, ఆయన కొత్తనీళ్ళు గుడ్డలో వడగట్టి పోశాడు. ఆఖరి క్యాను ఖాళీ అయ్యాక హఫీజ్ కింద కూర్చున్నాడు.

"నిన్న గుండుగొలనులో చెరువుకి మైలుతుత్తం కొడుతుంటే ఏమిటని అడిగాను. రాగిదే అన్నారు. నాచుని చంపడానికట. దారిపొడుగునా నీతో ఎలా చెప్పాలా అని ఆలోచించుకుంటూ వచ్చాను. వస్తే ముడులు మారి ఉన్నాయి. నాకు చెప్పొచ్చు కదా."

"మీకు కష్టంగా ఉంటుందనీ..."

"ఊళ్ళోవాళ్ళు చెబితే కష్టంగానే ఉంటుంది. నువ్వు ఊళ్ళోదానివా?"

ఆయన బెల్టుకేసి చూపించి, ఇది ఎన్నాళ్ళనుంచి అని అడిగాడు. అబద్ధం నోటిదాకా వచ్చింది. ఎన్నో ఏళ్ళుగా అలవాటైనది కదా, దానంతటదే వస్తుంది. రేహానా దాన్ని మింగేసింది.

"బిగించిన మర్నాటినుంచీ అండీ. ఆ మోటారు ఆపితే ఆగదు."

హఫీజ్ బెల్టు కొస చేతిలోకి తీసుకున్నాడు. పదిహేనేళ్ళుగా రోజూ ఇంటికి రాగానే ఆ బెల్టు చూసి మురిసిపోయిన మనిషి. ఆమెకి ఆయన మీద ఎన్నడూ లేనంత జాలీ, ప్రేమా పుట్టుకొచ్చాయి. చివరికి ఆయన స్క్రూడ్రైవర్ అందుకోమన్నాడు. మోటారు విప్పాడు. దాని వెనక మిషను నల్లరంగు కొన్ననాటిలా మెరుస్తూ బయటపడింది. తొక్కుడు పలకకి నూనె వేసి, తొక్కు చూద్దాం అన్నాడు. ఆమె తొక్కింది. మోటార్లకి చెవి ఆనించి వినేటట్టే తల వంచి విన్నాడు. "ఇదే బాగుంది" అన్నాడు.

పువ్వు మొదట రెండు వేళ్ళు చాపింది, తర్వాత నాలుగు. ఒకరోజు చేపలు మళ్ళీ అందులో దూరాయి. జాలీ మీద మొదట గోధుమరంగు మరక పడి, ఆపైన పచ్చగా, ఒత్తుగా నాచు లేచింది. వారం వారం గంగారత్నమే ముక్కు మీద వేలేసుకుంటూ గీకి పెట్టేది. రంజాన్‌కి ఫారూఖ్ చేపల్ని తీసుకుపోదామని ఐసుపెట్టె పట్టుకునే వచ్చాడు. తొట్టె ముందు కూర్చుని, ఈ ముడులు ఎవరివి బావా, భలే ఉన్నాయి అన్నాడు. ఇంటినిండా చుట్టాలున్నారు, షాపుకి వచ్చే నలుగురూ ఉన్నారు.

"నేను రాగితో కట్టి రొయ్యని చంపాను. ఇవి మీ అక్క ముడులు" అన్నాడు హఫీజ్.

ఫారూఖ్ ఖాళీ ఐసుపెట్టెతోనే బండెక్కాడు. అందరూ వెళ్ళాక హఫీజ్ మిషను పక్కన కుర్చీ లాక్కుని, ఇంకా ఏమైనా ఉన్నాయా అని అడిగాడు. రేహానా తల ఎత్తి, పెళ్ళయిన రెండో ఏట ఆయన చుట్టిన సీలింగ్ ఫ్యాను వంక చూసింది. గాలి కంటే గోలెక్కువ దానికి.

"ఇవాళ పండగ కదండీ," అంది, "రేపు చెబుతాను."