కొలత సరిపోయిన గాజు

మా అక్షరాల బడిలో బోర్డు పక్కన మేకుకు ఒక తెల్ల ప్లాస్టిక్ గాజు వేలాడుతూ ఉంటుంది. కొత్తగా వచ్చిన ఆడవాళ్ళు ఎవరో మరిచిపోయి వెళ్ళారనుకుంటారు. అది నాది. ఆరేళ్ళుగా అక్కడే ఉంది. దాని లోపలి అంచు నిండా బ్లేడు గీతలు.

అది రెండువేల మూడు. నేను అక్షరాలు మొదలుపెట్టి అప్పటికి ఏడాది దాటింది. ఏన్కూరు మండలంలో మా తండాకూ పక్కనున్న కోయగూడేనికీ నడుమ ఒక రేకుల గది ఉంది. పొద్దున అడవిలోకి పోయి అడ్డాకులు తెచ్చుకునేవాళ్ళం, మధ్యాహ్నం దాకా విస్తర్లు కుట్టేవాళ్ళం. మూడు గంటలకు చేతులు కడుక్కుని ఆ గదిలో పలకలు పట్టేవాళ్ళం. చదువు చెప్పేది మా తండా పిల్ల హేమలత. ఇంటర్ దాకా చదివింది. నేను ఆమెకు చిన్నమ్మ వరస, అందుకని మా భాషలో కాకీ అని పిలిచేది.

బడిలో నా పక్కన కూర్చునేది కన్నమ్మ. గూడెం మనిషి, నాకన్నా పదేళ్ళు పెద్ద. విస్తరి కుట్టడంలో ఆమె తర్వాతే ఎవరైనా. పెన్సిల్ పడితే మాత్రం వేళ్ళు వణికేవి. ఆరు నెలలు తన పేరులో మొదటి అక్షరం దగ్గరే ఆగిపోయింది. ఒకరోజు ఎవరూ చూడనప్పుడు నోటుబుక్కు కాగితం మీద కన్నమ్మ అని మొత్తం రాసేసింది. నాకు చూపించి, "గింతేనా నేను?" అని నవ్వింది.

అది రాసిన రెండు వారాలకు బోరింగు దగ్గర పడిపోయింది. ఖమ్మం దవాఖానాలో ఇరవై రోజులు ఉంచారు. ప్రాణం దక్కింది గాని కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. మాట కూడా పోయింది. ఏం చెప్పబోయినా గొంతులో ఒకటే శబ్దం వచ్చేది.

సెప్టెంబరు ఎనిమిదిన అక్షరాస్యత దినం. ఆ రోజు ఏన్కూరు బడి ఆవరణలో మీటింగు పెడతారని, ఖమ్మం నుంచి పెద్ద మేడం వస్తుందని హేమలత చెప్పింది. మేం ఇరవై రెండు మందిమి మా చేత్తో రాసుకున్న పేర్లను బ్యాడ్జీలుగా పెట్టుకుని వెళ్ళాలని ఆమె ఆలోచన. ఖమ్మంలో ఏదో యువజన సంఘం వాళ్ళ దగ్గర బ్యాడ్జీలు నొక్కే మిషను అడిగి తెచ్చింది. కింద రేకు టోపీ, దాని మీద పేరు రాసిన గుండ్రటి కాగితం, ఆపైన పలచటి ప్లాస్టిక్ బిళ్ళ. వెనక పిన్ను ఉన్న రేకు. చెయ్యి వేసి నొక్కితే నాలుగూ ఒకటైపోతాయి.

మరుసటి రోజు కన్నమ్మ మొగుడు పోతయ్య గదికి వచ్చాడు. రేషన్ కార్డు కవరులోంచి ఆ నోటుబుక్కు కాగితం తీశాడు.

"మాదానికి గూడ ఒకటి చెయ్యిన్రి. అది మీటింగుకు వస్తదట."

"మాట రాదు గదా మామా, నీకెట్ల చెప్పింది?" అంది ఆదెమ్మ. ఆదెమ్మది కూడా గూడెమే, నోరు ఊరుకోదు.

"నలభై ఏండ్లు మాట్లాడింది. ఇప్పుడు మాట్లాడకున్నా ఇనపడతది," అన్నాడు పోతయ్య.

హేమలత ఆ కాగితాన్ని ఏన్కూరులో జెరాక్సు తీయించింది. తెల్ల కాగితమే వచ్చింది. పెన్సిలు గీత అంత పలచన. గట్టిగా దిద్దుదామంటే అది కన్నమ్మ రాత కాదు, మన రాత అవుతుంది. ఉన్నది ఆ ఒక్క కాగితమే. మిగతావాళ్ళం తప్పు కోస్తే మళ్ళీ రాసుకుంటాం. కన్నమ్మకు మళ్ళీ రాసే చెయ్యి లేదు.

మిషనుతో కాగితం కోసే కట్టరు రాలేదు. విస్తరి అంచు గుండ్రంగా కోయడంలో నా చెయ్యి మంచిదని హేమలత నన్ను ఖమ్మం తీసుకెళ్ళింది. కమాన్‌బజార్ దగ్గర సందులో ఒక స్టేషనరీ షాపు. షాపాయన మూడు రకాలు చెప్పాడు. ఒకటి పిల్లల కంపాసు లాంటిది, పెన్సిలు ఉండే చోట బ్లేడు. రెండోది కాగితం లోపలికి దూర్చి పిడి నొక్కితే టక్కున గుండ్రం తెగి పడేది. మూడోది గాజు గిన్నె బోర్లించినట్టు ఉంటుందట, పైనుంచి చూసుకుంటూ తిప్పితే లోపలి బ్లేడు కోస్తుందట. అది హైదరాబాదు నుంచి తెప్పించాలన్నాడు, పది రోజులు పడుతుందన్నాడు. మీటింగుకు వారమే ఉంది.

పిడి కట్టరును పట్టుకుని చూశాను. కాగితం లోపలికి పోయాక ఎక్కడ తెగుతుందో పైనుంచి కనపడదు. పైగా అది ఒకే సైజు. కంపాసు కట్టరు చేతిలోకి తీసుకుని, పాత క్యాలెండరు ముక్క మీద ఒక చుట్టు తిప్పాను. బ్లేడు మంచిది, గీత మొదలైన చోటికే వచ్చి కలిసింది.

"ఇది చాలు హేమలతా. ఏ సైజైనా కోస్తది," అన్నాను.

"అమ్మా, సూది నడుమల గుచ్చుకుంటది. చూసుకోన్రి," అన్నాడు షాపాయన.

"సూది గుచ్చకుంటే గుండ్రం ఎట్లొస్తదయ్యా?" అన్నాను. అంత తెలివైనదాన్నని నాకు అప్పుడు గర్వం. తల్లాడ మీదుగా బస్సులో వస్తూ ఆ కట్టరును ఒళ్ళోనే పెట్టుకున్నాను.

మర్నాడు మధ్యాహ్నం అందరం చేరాం. నా పేరే ముందు కోశాను. రేకు టోపీ కాగితం మీద పెట్టి, సరిగ్గా దాని అంచుకే కొలత పెట్టుకున్నాను. విస్తరికి అంతే గదా, గుండ్రం దాటి బయటికి వచ్చిన ఆకు చెత్త కిందే లెక్క. ప్లాస్టిక్ బిళ్ళలు టోపీకన్నా పెద్దగా కనపడితే ఆదెమ్మ వాటి అంచు కూడా కత్తెరతో శుభ్రంగా కోసి పెట్టింది. ఇద్దరం చక్కగా పని చేశామనుకున్నాం. మిషనులో పెట్టి నొక్కితే కాగితం అటు జరిగింది, బిళ్ళ ఇటు జరిగింది, చుట్టూ రేకు బయటపడింది. మూడు పాడయ్యాక హేమలత తల పట్టుకుంది.

"కాకీ, ఆ మిగులే కావాలె. టోపీ అంచు మీంచి కిందికి మడత పడితేనే పట్టుకుంటది. కాగితం ప్లాస్టిక్ బిళ్ళంత ఉండాలె, టోపీ అంత కాదు."

ఇన్నేళ్ళ విస్తర్ల పనిలో మిగులు పనికొస్తుందని మాకు ఎవరూ చెప్పలేదు. కొలత మార్చాను. ఆదెమ్మ పేరు కోశాను. ఈసారి మిషను చక్కగా పట్టుకుంది. బ్యాడ్జీ మెరుస్తూ బయటికి వచ్చింది. ఆదెమ్మ చేతిలోకి తీసుకుని దగ్గరగా చూసింది.

"పూలక్కా, నా పేరుకు ముక్కు కుట్టిచ్చినవ్. ఇగ ముక్కుపుల్ల గూడ నువ్వే కొనియ్యి."

పేరు సరిగ్గా నడుమ సూది పొడిచిన బెజ్జం. ప్లాస్టిక్ కింద అది ఇంకా పెద్దగా కనపడుతోంది. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. నవ్వుతూనే పక్కన అట్టముక్కల మధ్య పెట్టిన కన్నమ్మ కాగితం వైపు చూశాను. నవ్వు ఆగిపోయింది. ఆ కట్టరును ఎంచింది నేను. షాపాయన చెప్పినా వినలేదు.

బిళ్ళను కాగితం మీద పెట్టి చుట్టూ గీత గీసి కత్తెరతో కోసి చూశాం. వానల రోజులు, కాగితం మెత్తబడి ఉంది. అంచు ఎలుక కొరికినట్టు వచ్చింది, నొక్కితే ముడతలు పడింది. బిళ్ళ అంచు వెంబడి బ్లేడు తిప్పితే బిళ్ళే తెగింది. కావలసింది గట్టిది, గుండ్రంది, సరిగ్గా ఆ బిళ్ళంత ఖాళీ ఉన్నది. లోపలి నుంచి పేరు కనపడుతుండాలి, అంచు వెంబడి బ్లేడు నడవాలి.

"గాజు," అంది హేమలత.

ఆదెమ్మ మట్టిగాజు తీసి పెట్టింది. చిన్నది. అప్పుడు అందరి చూపూ మా గోరి వదిన మీద పడింది. గోరి మా ఆయన అక్క. చదువుకోదు గాని రోజూ వచ్చి గోడకు ఆనుకుని కూర్చుని అందరినీ ఎత్తిపొడుస్తుంది. మా తండాలో పెళ్ళైన ఆడది మోచేతి పైన దండచేతికి తెల్ల గాజులు వేసుకుంటుంది, కింద చిన్నవి, పైకి పోనుపోను పెద్దవి. వదిన రెండు దండచేతులకూ నిండుగా ఉన్నాయి. వాటిలో ఒకటి కచ్చితంగా సరిపోతుంది.

"నా దిక్కు చూడకున్రి. నా మొగడు బతికుండంగ నేను తీస్తనా?" అంది వదిన.

అడగకూడనిదే. ఎవరూ అడగలేదు. తీసేసిన గాజులు ఉన్నది ఒక్క నా దగ్గరే.

మా ఆయన రామ్‌చందర్ పోయి అప్పటికి ఆరేళ్ళు. ఆ రోజు నా చేతులకున్న గాజులన్నీ తీయించారు. కొందరు వాటిని పారేస్తారు. నేను ఒక గుడ్డలో కట్టి ట్రంకు పెట్టె అడుగున పెట్టాను. ఒకసారి కూడా విప్పలేదు. ఆయన ఇల్లెందు సంతలో బేరమాడి, చేతికి పట్టేదాకా ఒక్కొక్కటి సబ్బు నురగ పెట్టి ఎక్కించిన గాజులు అవి. పైగాజు ఎక్కేటప్పుడు నేను అరిస్తే, "ఇగ జన్మల ఊడదు పో," అన్నాడు.

ఇంటికి పోయి మూట తెచ్చాను. వదిన చూసి లేచి నిలబడింది.

"పూలీ, నీకేమన్న బుద్ధున్నదా? మొగడు చచ్చినాక తీసిన గాజులు. కన్నమ్మ మొగడు బతికున్నడు. దాని పేరు చుట్టు వాటిని తిప్పుతవా?"

ఆమె అన్నది మా ఇళ్ళలో నేనూ అనగలిగిన మాటే. పోతయ్యను పిలిపించి అడుగుదామన్నాను. ఆయన రావడమే గాక, కన్నమ్మను సైకిలు మీద కూర్చోబెట్టి నడిపించుకుంటూ తెచ్చాడు. ఇద్దరికీ వదిన మాట దాచకుండా చెప్పాను.

కన్నమ్మ వింది. చాప మీద పరిచిన గాజుల్ని చూసింది. ఎడమ చెయ్యి చాపి ఒకటి తీసుకుంది, ప్లాస్టిక్ బిళ్ళను అందులో పెట్టింది. బిళ్ళ జారి కింద పడింది. ఇంకొకటి తీసుకుంది. అందులో బిళ్ళ పట్టలేదు. మూడోసారి పట్టుకున్న దానిలో బిళ్ళ అచ్చంగా కూర్చుంది. పై నుంచి మూడో గాజు అది. కన్నమ్మ బిళ్ళను పక్కన పెట్టి, ఆ గాజును తన కాగితం మీద పెట్టింది. ఇటు జరిపింది, అటు జరిపింది. పేరు నడిమికి వచ్చాక గాజు మీద అరచెయ్యి ఆనించి నా వైపు చూసింది. కొయ్యమని.

"దానికి లేని భయం నాకెందుకు?" అన్నాడు పోతయ్య. "నేను చస్తే కల్లుతోని చస్త గాని గాజుతోని చస్తనా? కొయ్యి బిడ్డా."

కాగితాన్ని అంతకుముందే పొయ్యి పక్కన డబ్బాలో పెట్టి తడి లేకుండా చేశాం. కింద గట్టి అట్ట వేశాను. కట్టరులోంచి బ్లేడు ఊడదీసి రెండు వేళ్ళ మధ్య పట్టుకున్నాను. కన్నమ్మ గాజును ఒత్తి పట్టింది. నేను గాజు లోపలి అంచుకు బ్లేడు ఆనించి, నా చెయ్యి తిప్పకుండా అట్టనే మెల్లగా తిప్పించాను. హేమలత కొంచెం తిప్పి ఆగినప్పుడల్లా కన్నమ్మ గాజు కదలకుండా వేళ్ళు మార్చి ఒత్తింది. మొదటి చుట్టు తేలికగా, గీత పడేటంత. రెండో చుట్టు ఇంకొంచెం. ఒక్కసారే గట్టిగా నొక్కితే కాగితం చిరుగుతుంది. పేరుకూ కాగితం ఎడమ అంచుకూ నడుమ బొటనవేలంత చోటే ఉంది. అక్కడికి వచ్చినప్పుడు అట్టను ఇంకా మెల్లగా తిప్పమన్నాను. మూడో చుట్టుకు గుండ్రం ఊడి వచ్చింది. ఎక్కడా బెజ్జం లేదు.

మిషను పిడి మీద కన్నమ్మ ఎడమ చెయ్యి పెట్టించి, పైన నా చెయ్యి వేసి నొక్కాం. బయటికి వచ్చినదాన్ని ఆదెమ్మ కొంగుతో తుడిచి ఇచ్చింది. ముడత లేదు. పెన్సిలు గీత ప్లాస్టిక్ కింద ముందుకన్నా నల్లగా కనపడింది.

ఆ తర్వాత మిగతావన్నీ ఆ గాజుతోనే కోశాం. అన్నీ అయ్యాక గోరి వదిన గోడ దగ్గర నుంచే అంది, "హేమలతా, నా పేరు గూడ ఒకటి రాయి. నేను దాని మీదికెళ్ళి దిద్దుత. కొయ్యిన్రి, గానీ ఆ గాజు నాకు తాకనియ్యకున్రి."

మీటింగు రోజు వాన పడింది. బడి వరండాలోనే వరసగా నిలబెట్టారు. పెద్ద మేడం ఒక్కొక్కరి దగ్గర ఆగి పేరు అడుగుతూ వచ్చింది. అందరూ గట్టిగా చెప్పారు. ఆదెమ్మ అయితే ఊరి పేరు, మొగుడి పేరు కూడా చెప్పేసింది. కన్నమ్మ కుర్చీలో కూర్చుని ఉంది.

"నీ పేరేంటమ్మా?"

కన్నమ్మ నోరు తెరిచింది. గొంతులో ఆ శబ్దమే వచ్చింది. వెనక నిలబడ్డ పోతయ్య చెప్పబోయాడు. కన్నమ్మ ఎడమ చెయ్యి ఎత్తి ఆయన్ను ఆపింది. అదే చేత్తో రవిక మీది బ్యాడ్జీని వేలితో తట్టింది. మేడం వంగి చూసింది.

"కన్నమ్మ," అని చదివింది.

కన్నమ్మ తల ఊపింది. మేడం పక్క మనిషి దగ్గరికి కదలబోతే మళ్ళీ తట్టింది. మేడం నవ్వి, మళ్ళీ వంగి, ఈసారి వరండా అంతా వినపడేలా చదివింది.

కన్నమ్మ ఆ తర్వాత ఇంకో రెండేళ్ళు బతికింది. నేను గాజును మళ్ళీ మూటలో కట్టలేదు. మిగతావి ట్రంకులోనే ఉన్నాయి.

పోతయ్య ఇప్పటికీ సంత రోజు బడి గది ముందు సైకిలు ఆపుతాడు. చొక్కా జేబు మీద కన్నమ్మ బ్యాడ్జీ ఉంటుంది. ఆయనకు అక్షరం రాదు, ఆ మూడు తప్ప. కిటికీలోంచి తల పెట్టి మేకు వైపు చూస్తాడు.

"ఏంది పూలమ్మా, నీ గాజు ఇంక నన్ను చంపలే?" అంటాడు.

"కల్లుతోని పోటీ మామా, జెర ఆలస్యమైతది," అంటాను.