జానెడు మీద నాలుగు వేళ్ళు

ఆ పొద్దున ఆకాశం వాన కురిపించాలా వద్దా అని తనలో తానే బేరమాడుకుంటోంది. తూర్పున మబ్బు విడి కాస్త వెలుగు పడేది. అంతలో ఇంకో మబ్బు వచ్చి ఆ సందు మూసేసేది. గొలుసాయన గుమ్మం ముందు గొంతుక్కూర్చుని కొలత గొలుసును నూనెగుడ్డతో తుడుస్తున్నాడు. ఒక్కో కడీని వేళ్ళ మధ్య తిప్పి, తుప్పు తగిలితే గోటితో గీకి, పక్కకి జరుపుతున్నాడు. ఇప్పుడు కొలతలన్నీ మూడుకాళ్ళ యంత్రమే చేస్తోంది. యంత్రం నిలబెట్టే చోటు లేని ఇరుకు సందుల్లో, నెలకి ఒకటి రెండుసార్లు మాత్రమే గొలుసుతో పని పడుతుంది. అయినా తుడవకుండా ఆయన ఏనాడూ గడప దాటలేదు. సర్వే ఆఫీసులో ముప్ఫై ఎనిమిదేళ్ళుగా ఆ గొలుసు ఒక కొస ఆయనదే. రెండో కొస పట్టినవాళ్ళు ఎందరో మారారు.

సగం తుడిచేసరికి టపా మనిషి సైకిలు ఆగింది. పొడుగాటి అట్టగొట్టం ఒకటి చేతికిచ్చి, సంతకం పెట్టించుకుని వెళ్ళాడు.

గొలుసాయన నూనె చేతులు చొక్కాకి తుడుచుకున్నాడు. చాలదని మళ్ళీ తుడుచుకున్నాడు. "అమ్మాయీ, వచ్చేసింది!" అని కేకెయ్యబోయి నాలుక కరుచుకున్నాడు. ముందుగదిలో అత్త నిద్రపోతోంది. ఇంటి పక్కనుంచి చుట్టూ తిరిగి వెళ్ళి వంటింటి తలుపు వేలితో తట్టాడు.

కూతురు పార్సిలు ఆఫీసుకి బయల్దేరబోతూ తల దువ్వుకుంటోంది. దువ్వెన జుట్టులోనే వదిలేసి గొట్టం మూత లాగింది. లోపల్నుంచి దళసరి కాగితం ఒకటి బయటికొచ్చింది. చుట్టూ బంగారు రంగు అంచు, కింద రూపాయి బిళ్ళంత ఎర్ర ముద్ర. అక్షరాలన్నీ పరాయి భాషవి.

"చదువు, చదువు," అన్నాడు గొలుసాయన, ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదికి మారుతూ.

"నాలుగొందల పదిహేడో నంబరు స్థలం. అడుగు పొడవు, అడుగు వెడల్పు. అమ్మమ్మ పేరు మీద. ఇవాళ్టినుంచీ అమ్మమ్మ తనను దొరసాని అని పిలిపించుకోవచ్చట." కూతురు కాగితం దించింది. "నాన్నా, మళ్ళీ చెప్తున్నా. నువ్వడిగావని తెప్పించాను గానీ, ఇది పరాయి దేశంవాళ్ళు సరదాకి అమ్మేది. అక్కడ ఇల్లు కట్టకూడదు, తవ్వకూడదు, విత్తకూడదు. ఆ దొరసాని అనే మాట కూడా అమ్మేవాళ్ళిచ్చిందే గానీ ఏ రాజూ ఇచ్చింది కాదు."

"నేలైతే ఉందా, లేదా?"

"ఉందిలే, ఎక్కడో కొండల్లో."

"అది చాలు."

పెళ్ళైన మూడోరోజున అత్త పక్కింటావిడతో "జానెడు నేల లేనివాడికి పిల్లనిచ్చాను" అనడం ఆయన గోడవతల నుంచి విన్నాడు. తర్వాత గోడ అవసరం లేకుండానే వినిపించింది. మామ పోయాక ఆమె కూతురి దగ్గరికే వచ్చేసింది. అప్పటినుంచీ పదకొండు అద్దె ఇళ్ళు మారారు. ఇల్లు ఖాళీ చెయ్యమన్నప్పుడల్లా, పాలు పొంగిపోయినప్పుడల్లా, పైకప్పు కారినప్పుడల్లా అదే మాట. "లోకంలో అందరి నేలా కొలుస్తాడు. తనకి మాత్రం జానెడు లేదు." ఆమెకూ లేదు. ఒంట్లో ఓపికున్నంత కాలం పరాయి చేలల్లో కలుపు తీసిన మనిషి. అందుకే ఆయన ఎన్నడూ ఎదురు చెప్పలేదు. చెప్పడానికి జవాబూ లేదు. ఇవాళ వచ్చింది.

నిన్న డాక్టరు ఆమె నాడి చూశాడు. బయటికొచ్చి చెప్పులేసుకుంటూ "దగ్గరివాళ్ళుంటే పిలిపించుకోండి" అన్నాడు.

"ఇప్పుడే లేపి చెప్తాను," అన్నాడు గొలుసాయన.

"లేపారంటే ఊరుకోను," అంది భార్య పొయ్యి దగ్గర్నుంచి. "తెల్లవార్లూ మూలిగి ఇప్పుడే కునుకు తీసింది. సాయంత్రం నాలుగింటికైతే కాస్త తేటపడుతుంది. అప్పుడు చెప్పండి."

"అప్పటిదాకా..." అని ఆగిపోయాడు. భార్య పొయ్యిలో పుల్ల ఎగదోసింది.

గొలుసు సంచిలో వేసి, అట్టగొట్టం భుజాన తగిలించుకుని బయల్దేరాడు. దారంతా చెయ్యి దాని మీదే ఉంది.

ఆ రోజు పని ఇద్దరు అన్నదమ్ముల ఇళ్ళ మధ్య సందులో. అన్న దర్జీ, తమ్ముడు గడియారాలు బాగుచేసేవాడు. అన్న కట్టిన గోడ తన జాగాలోకి వచ్చిందని తమ్ముడి గొడవ. ఇద్దరూ చెరో గుమ్మంలో చేతులు కట్టుకుని నిలబడ్డారు. సర్వేయరు కుర్రదనం వదలని మనిషి, గొలుసాయన్ని బాబాయ్ అని పిలుస్తాడు. గొలుసుకి రెండో కొస అతనే పట్టాడు.

"కాస్త వదులుగా పట్టు అన్నా, నీ సొమ్మేం పోయింది?" అన్నాడు దర్జీ నెమ్మదిగా.

"నువ్వు బట్ట కొలిచేటప్పుడు వదులుగా పడతావా?" అన్నాడు గొలుసాయన. అవతలి గుమ్మంలో తమ్ముడు కిసుక్కున నవ్వాడు.

"అడుగు లోపలికొచ్చింది," అన్నాడు సర్వేయరు పుస్తకం తెరుస్తూ.

"పదకొండున్నర అంగుళాలు సార్."

"అరంగుళానికేముంది బాబాయ్. అడుగని రాసేస్తా."

"పదకొండున్నరే రాయండి. నేను పట్టిన గొలుసు ఇంతవరకూ అబద్ధం చెప్పలేదు."

సర్వేయరు పదకొండున్నరే రాశాడు. మధ్యాహ్నం అరుగు మీద డబ్బా విప్పుకుని తినేటప్పుడు, అప్పటిదాకా ఉగ్గబట్టుకున్నది గొలుసాయన నోట్లోంచి జారిపోయింది. కాగితం తీసి చూపించాడు. సర్వేయరు తిరగేసి మరగేసి చదివి పకపకా నవ్వాడు.

"దొరసానిగారి అల్లుడా మీరు! నేనింకా మీచేత గొలుసు మోయిస్తున్నానే!" తర్వాత నుదురు చిట్లించాడు. "అంతా బాగానే ఉంది గానీ బాబాయ్, దీనికి హద్దులేవీ? తూర్పున ఎవరు, పడమట ఎవరు? నాలుగు వైపులా ఎవరున్నారో రాయని దస్తావేజు మన ఆఫీసులో ఎవరైనా ముట్టుకుంటారా? పోనీ రాళ్ళు పాతుదామంటే, మన హద్దురాయి ఆరంగుళాల మందం. నాలుగు మూలలా నాలుగు పాతితే ఇంక నేలేదీ?"

గొలుసాయన కాగితం లాక్కుని ముందూ వెనకా తిప్పి చూశాడు. తను చూసుకోలేదు. ఇన్నేళ్ళు నేలతోనే బతికి, హద్దుల మాటే మర్చిపోయాడు. అత్త మర్చిపోదు. మొదట అడిగేది అదే. ఆ మధ్యాహ్నమంతా గొలుసు చుడుతూ, మేకులు పీకుతూ, తనలో తానే ఏదో గొణుక్కున్నాడు. మూడున్నర కాకుండానే సర్వేయరు ముందు నిలబడి తల గోక్కున్నాడు.

"వెళ్ళండి బాబాయ్. దొరసానిగారిని అడిగానని చెప్పండి."

నడిచాడో పరిగెత్తాడో ఆయనకే తెలీదు. గుమ్మంలో చెప్పులు విడుస్తుంటే లోపల్నుంచి దగ్గు వినిపించింది. ఆ దగ్గు ఆయనకి తీయగా ఉంది. ఉంది, ఇంకా ఉంది.

అత్త గోడకి ఆనుకుని మంచం మీద కూర్చుని ఉంది. భార్య పక్కనే ఉంది. కూతురు కూడా ముందే ఇంటికొచ్చేసింది, తమాషా చూడాలని. గొలుసాయన నేల మీద కూలబడి, సంచిలోంచి అడుగుబద్ద, సుద్దముక్క తీశాడు. మంచం పక్కన నాలుగు గీతలు గీశాడు. మూల నుంచి మూలకి రెండు వైపులా కొలిచి, రెండూ సరిపోయాక తలెత్తాడు.

"ఏంటల్లుడూ, ఇంట్లో కూడానా? ఇల్లుగలావిడ చూస్తే ఈ ముక్క కూడా ఖాళీ చెయ్యమంటుంది."

"ఇది నీ నేల, అత్తా."

ఆమె ఆయన్ని చూసి, మనవరాల్ని చూసి, గీతల్ని చూసింది. ఆయన కాగితం ఆమె ఒళ్ళో పెట్టి, అంతా ఒక్క గుక్కలో చెప్పాడు. సరదాకి అమ్ముతారన్న సంగతితో సహా. దాచాలనిపించలేదు.

"నీళ్ళున్నాయా?"

"ఎప్పుడూ వానేనట."

"నల్లనేలా, ఎర్రనేలా?"

"గడ్డి, అమ్మమ్మా. పచ్చగా ఉంటుంది," అంది మనవరాలు.

"హద్దులెవరు?"

గొలుసాయన మొహం వెలిగింది. "అక్కడ కొన్నవాళ్ళంతా దొరలే కదా. తూర్పున ఒక దొర. పడమట ఒక దొరసాని. ఉత్తరాన దొర, దక్షిణాన కూడా దొరే!"

"అందరూ దొరలేనా? మరి కలుపు తీసేదెవరు?"

నవ్వు దగ్గయింది, దగ్గు మళ్ళీ నవ్వయింది. కళ్ళు తుడుచుకుని "దింపండి నన్ను" అంది. ముగ్గురూ పట్టి కింద కూర్చోబెట్టారు. బరువే లేదు. బొటనవేలు సుద్దగీతకి ఆనించి, చిటికెనవేలు చాపింది. కలుపుతీతకి వంగిపోయిన వేళ్ళు, పూర్తిగా సాగలేదు. గొలుసాయన కంటికి తెలుసు, ఏడంగుళాలు దాటలేదు.

"జానెడు," అంది. దాని పక్కన రెండో చేతి నాలుగు వేళ్ళూ కలిపి ఆనించింది. "జానెడు మీద నాలుగు వేళ్ళు." ఆ వేళ్ళకీ అవతలి గీతకీ మధ్య ఇంకా కొంత నేల మిగిలే ఉంది. పొద్దున అరంగుళం వదలని మనిషి ఆ రెండంగుళాలనీ చూసి ఊరుకున్నాడు.

"ఎవరి పేరు మీదన్నావు?"

"నీ పేరు మీదే అత్తా."

"అయితే నీకు ఇప్పటికీ జానెడు లేదన్నమాట."

"అమ్మా!" అంది భార్య. గొలుసాయన ఫక్కున నవ్వాడు. కూతురు గోడకి చేరగిలబడి పొట్ట పట్టుకుంది.

అత్త నవ్వలేదు. చెయ్యి చాపి సుద్దముక్క తీసుకుంది. జాన ముగిసిన చోట, వేళ్ళ పక్కనే, వంకరటింకరగా ఒక గీత గీసింది. ఆ గీత గీయడానికి చాలాసేపు పట్టింది.

"ఇటు జానెడూ నాది. అటు నాలుగు వేళ్ళూ నీది. నా చేత్తో గీసిచ్చాను. కాగితం అక్కర్లేదు." తర్వాత అంది, "దొరగారూ, ఇంక నన్ను పైకెత్తండి."

పెళ్ళైన ఈ ముప్ఫై ఆరేళ్ళలో ఆమె నోట ఆయనకి తగిలిన మొదటి 'గారూ' అది. ఎత్తి పడుకోబెట్టాడు. ఆమె కళ్ళు మూసుకుని "ఆకలేస్తోందే" అంది. మూడురోజులుగా మంచినీళ్ళు తప్ప ఏదీ అడగని మనిషి. భార్యా కూతురూ ఒకరినొకరు తోసుకుంటూ వంటింట్లోకి పరిగెత్తారు. గొలుసాయన గుమ్మంలోకి వచ్చి ఊరికే నిలబడ్డాడు. మబ్బు పూర్తిగా విడిపోయింది. ఎదురింటి గోడ మీద ఎండ పచ్చగా పడింది. ఎవరైనా వస్తే చెప్పాలనిపించింది. ఎవరూ రాలేదు.

భార్య గిన్నె చల్లార్చి తెచ్చి, "అమ్మా, లే" అంది. మళ్ళీ అంది. మూడోసారి అనలేదు. గిన్నె కింద పెట్టి, తల్లి వేళ్ళకంటిన సుద్ద తన కొంగుతో తుడవబోయి, తుడవకుండా వదిలేసింది.

మర్నాడు మధ్యాహ్నానికి ఆమెను సాగనంపి వచ్చారు. చూడవచ్చినవాళ్ళు వెళ్ళిపోయారు. భార్య గది కడిగింది, ఆ నాలుగు గీతల చుట్టూ తిరిగి. అలవాటు చొప్పున నాలుగు పళ్ళేలు తెచ్చి, ఒకటి వెనక్కి తీసుకెళ్ళింది. ముగ్గురూ ఆ చతురస్రానికి మూడు వైపులా కూర్చున్నారు. ఎవరి మోకాలూ గీత దాటలేదు. గొలుసాయన ముద్ద కలిపి, కాసేపు పట్టుకుని, నోట్లో పెట్టుకున్నాడు. వంకరగీతకి అటువైపు, నాలుగు వేళ్ళ మేరలో, ఆమె వదిలిన సుద్దముక్క అలాగే ఉంది.