కోయని మడత

మా బావ బొటనవేలికి కట్టు కట్టుకున్నాడంటే, ఆ రోజు ఎవరో అతణ్ణి ఉలి పట్టి చూపించమంటారని అర్థం.

ఆ ఉదయం వచ్చింది గ్రంథాలయ అధికారిణి. పిల్లల హాలు గోడలకు పన్నెండు పెద్ద చెక్కబొమ్మలు కావాలట. మా ప్రెస్సు వేసిన పక్షుల పుస్తకం చూసిందట. అందులో బొమ్మలు చెక్కిన చేతికే ఈ పని ఇస్తానంది.

ఆ చెయ్యి నాది. పుస్తకం మీద పేరు బావది. ఒప్పందం మీద అతను సంతకం పెడితే ఆ గోడలూ అతనివే. చెక్కేది మాత్రం మళ్లీ నేనే.

"ఈవిడ?" అంది అధికారిణి.

"మా మరదలండీ. సిరా పూస్తుంది, ఊడుస్తుంది."

"బొమ్మలు నేనే చెక్కానండీ," అన్నాను.

బావ పకపకా నవ్వాడు. "మరదలు కదా, ఆటపట్టిస్తోంది."

"అయితే పుస్తకం చివరి మడత కోసి చూడండి."

అదే పుస్తకం మూడో ప్రతి కొనడానికి వచ్చిన నగల వ్యాపారి తెల్ల గ్లవ్స్ వేసుకున్న చేతులతో గుండె పట్టుకున్నాడు. "కోయడమా! మడత తెగితే విలువ గోవిందా కదమ్మా!"

మా పుస్తకాలు నలభై ప్రతులే ఉంటాయి. పెద్ద కాగితాలు మడిచి, అంచులు కోయకుండా కుడతాం. చదవాలంటే కొన్నవాళ్లే కోసుకోవాలి. ఒక్కడూ కోయడు. వాసన చూస్తారు, బరువు చూస్తారు, అద్దాల బీరువాలో పెడతారు. ఆ మనుషుల సంగతి బావకు బాగా తెలుసు. సంతకం దాగి ఉంటే ఇంకా ఎగబడతారని, చివరి మడత లోపల పెడతానన్నాడు. మడవక ముందే నలభై కాగితాలూ అతని ముందు పెట్టాను. ఫోన్లో కబుర్లు చెబుతూ గీకేశాడు. సంతకం పైన ఏం అచ్చయిందో చూడలేదు. సొంత పుస్తకమైనా సరే, బావకు చదివే అలవాటు లేదు.

అధికారిణి సంచిలోంచి తమ ప్రతి తీసింది. "మేం కొన్నది జనం చదవడానికి. కత్తి ఇలా ఇవ్వమ్మా."

"వద్దండీ, పాడైపోతుంది!" బావ చెయ్యి చాచాడు. అప్పటికే మడత తెగింది.

ఆమె పైకి చదివింది: "ఈ బొమ్మలన్నీ చెక్కింది నా భార్య చెల్లెలు. నేను ఒక్క గీతా గీయలేదు." కింద బావ సంతకం, తోక మెలికతో సహా.

అధికారిణి ఒప్పందం నా ముందుకు జరిపింది. నింపాదిగా పేరు రాశాను.

"అమ్మా, నా ప్రతుల్లోనూ ఇదే ఉందా?" అన్నాడు వ్యాపారి.

"కోసి చూసుకోండి."

అతను కొత్త ప్రతిని పసిబిడ్డలా పొదువుకుని గుమ్మం వైపు జరిగాడు.

కలం బావకు అందించాను. "సాక్షిగా నువ్వు పెట్టు బావా. ఈసారైనా చదివి పెట్టు."

తప్పించుకుపోవాలన్న తొందరలో బావ కట్టు సంగతి మరిచిపోయాడు. ఆ వేలితోనే చకచకా గీకాడు.

ఈసారీ చదవలేదు.