పొద్దున బల్ల దగ్గర చెప్పిన మాట

"రేపు నల్లది వేసుకోకు. ఎవరో పోయారనుకుంటారు," అన్నాడు డ్వైట్.

కొరీన్ అతని తెల్ల చొక్కా కాలరు ఇస్త్రీ చేస్తోంది. తల ఎత్తలేదు. నీలం గౌను వేసుకోవాలట, మోకాళ్ళ కిందికి ఉండేది. మొదటి వరుసలో, సరిగ్గా అతని వెనక కుర్చీలో కూర్చోవాలట. ఇవి అతనికి తోచినవి కావు, కాలేజీ లాయరు చెప్పి పంపినవి. రేపు పదింటికి లైబ్రరీ మేడమీది హాల్లో ముగ్గురు సభ్యుల కమిటీ కూర్చుంటుంది. కాలేజీ ఆటల శాఖ డైరెక్టరుగా డ్వైట్ హాల్వర్సన్ ఈ వేసవిలో తన బాధ్యత సరిగ్గా నిర్వర్తించాడా లేదా అన్నది తేలుస్తుంది. కాలేజీ సంగతి పట్టినవాళ్ళు, పట్టనివాళ్ళు, ఊరు ఊరంతా వస్తుంది. అయోవాలో ఆ చిన్న ఊరికి ఫుట్‌బాల్ తప్ప చెప్పుకోడానికి వేరే ఏమీ లేదు.

వంటింటి కిటికీలోంచి విజిల్ వినపడింది. పెరటి కంచె దాటితే ప్రాక్టీసు మైదానమే. మైదానం మూల ఇసుక గొయ్యి ఉంది. తప్పు చేసిన కుర్రవాణ్ణి కోచ్ స్టోడార్డ్ అందులోకి దింపుతాడు. భుజం మీద ఇసుక మూట, నెత్తిన ఆగస్టు ఎండ. ఆయన చాలనేదాకా ఆ చివరినుంచి ఈ చివరికి పాకాలి, అంతవరకు మంచినీళ్ళు లేవు. పదకొండో తారీఖున ఐజయ ప్రూయిట్ అందులోనే బోర్లా పడ్డాడు. పంతొమ్మిదేళ్ళవాడు. కండలు లోపల్లోపల చితికి, ఆ చెత్తంతా మూత్రపిండాలకు అడ్డం పడింది. ఇప్పుడు సెయింట్ లూయిస్ ఆసుపత్రిలో రోజు విడిచి రోజు రక్తం శుభ్రం చేసే యంత్రానికి తగిలిస్తున్నారు. మళ్ళీ బాగుపడతాయా అంటే డాక్టర్లు నోరు విప్పడం లేదు. వాడు పడ్డాక రెండు రోజులు మైదానం మూగబోయింది. మూడో రోజు నుంచి మళ్ళీ అదే విజిల్.

"చదువుతాను, విను. ఎక్కడైనా తడబడితే చెప్పు," అన్నాడు డ్వైట్, కాయితం చేతిలోకి తీసుకుని. అతని గొంతు బాగుంటుంది. ఆ గొంతు చూసే ఆమె పెళ్ళాడింది. కళాశాల పట్ల తన నిబద్ధత, పిల్లల పట్ల తన ప్రేమ, అన్నీ చదివాడు. తర్వాత ఇలా చదివాడు: "ఆగస్టు పదకొండుకి ముందు ఈ విషయం ఏ రూపంలోనూ నా దృష్టికి రాలేదు."

కొరీన్ ఇస్త్రీపెట్టె నిలబెట్టింది.

"జూన్‌లో నేను చెప్పాను కదా."

"ఏం చెప్పావు?"

"ఐజయ వాళ్ళమ్మ ఫోను చేసిందని. మూత్రం రంగు మారిందని."

డ్వైట్ కాయితం మడిచాడు. కోపం తెచ్చుకోలేదు. అతను కోపం తెచ్చుకునే రకం కాదు. "నువ్వు రోజుకి వంద చెబుతావు కొరీన్. దృష్టికి రావడమంటే ఒక పద్ధతుంటుంది. రాసి ఇవ్వాలి, ఆఫీసుకి రావాలి. టోస్టు తింటుంటే పెళ్ళాం చెప్పేవి కబుర్లు."

ఆమె రెండో చొక్కా తీసుకుంది. ఎందుకు తీసుకుందో ఆమెకే తెలియదు, రేపటికి ఒక్కటి చాలు.

ఇరవైరెండేళ్ళ కింద ఈ ఉద్యోగం కోసం డ్వైట్‌ని పిలిచినప్పుడు అప్పటి కాలేజీ ప్రెసిడెంటు భోజనాల దగ్గర ఆమె చెయ్యి పట్టుకుని, ఒకరిని తీసుకుంటే ఇద్దరొస్తున్నారు మాకు, అని నవ్వాడు. అందరూ నవ్వారు, ఆమె కూడా నవ్వింది. డులూత్‌లో పదకొండేళ్ళు చేసిన నర్సు ఉద్యోగానికి ఆ నెలలోనే రాజీనామా రాసింది. ఇక్కడి ఆసుపత్రిలో చేరతానంటే, డైరెక్టరు భార్య రాత్రి డ్యూటీలకి పోతే బాగుండదేమో అన్నాడు డ్వైట్. బాగుండదేమో అన్నాడంతే, వద్దనలేదు. అతను ఎప్పుడూ ఏదీ వద్దనడు. ఆమె ఏం చేస్తుందని ఎవరైనా అడిగితే ఇల్లు చూసుకుంటుందని చెప్పేవాడు. ఆ ఇంటికి ఆటల కాలంలో ప్రతి శుక్రవారం నలభైమంది భోజనానికి వచ్చేవారు. మాంసం ఉడకబెట్టేది, బంగాళాదుంపలు చిదిమేది, నిమ్మకాయ కేకులు పళ్ళేలకు పళ్ళేలు కోసేది. కొత్తగా చేరబోయే కుర్రవాళ్ళ తల్లుల్ని వంటింట్లో కూర్చోబెట్టి, కొడుకుని ఊరుగాని ఊళ్ళో వదిలిపోతున్న వాళ్ళ భయాలన్నీ వినేది. ఆఖర్న డ్వైట్ వచ్చి, ఆ మంచి గొంతుతో అనేవాడు: "ఏ వేళైనా సరే, మా ఇంటికి ఫోను చెయ్యండి. కొరీన్ ఉంటుంది."

కొరీన్ ఉండేది. జూన్ పదహారు సాయంత్రం కూడా ఉంది. ఆసుపత్రి లాండ్రీలో పనిచేసే ఐజయ తల్లి లవోన్ ప్రూయిట్, చుట్టూ తిరుగుతున్న యంత్రాల హోరులోంచి ఫోనులో మాట్లాడింది. "నేను చెప్పానని తెలిస్తే మావాడు నన్ను చంపేస్తాడు మిసెస్ హాల్వర్సన్. నిన్న ఆ గోతిలోంచి వచ్చాక వాడికి మూత్రం కోలా రంగులో పడిందట. కోచ్‌తో అంటే, ఆడపిల్లలా ఏడవకు అన్నాడట. ఇది మామూలేనా?" కొరీన్ నర్సు పని మానేసి ఎన్నేళ్ళయినా ఆ రంగు మరచిపోయేది కాదు. మామూలు కాదండీ, వాణ్ణి ఎండలోకి దింపకూడదు, వెంటనే రక్తపరీక్ష చేయించాలి, అంది. "నేనొచ్చి తీసుకుపోనా? బస్సెక్కితే పొద్దున్నకల్లా వచ్చేస్తాను," అంది లవోన్.

ఇక్కడే కొరీన్ ప్రతిసారీ ఆగిపోతుంది. రెండు వారాలుగా గిన్నెలు కడుగుతున్నా, దుప్పట్లు మడుస్తున్నా ఇక్కడికే వచ్చి ఆగిపోతోంది. ఎందుకంటే అప్పుడు ఆమె, "అక్కర్లేదమ్మా, డ్వైట్‌కి చెబుతాను. ఆయన చూసుకుంటాడు," అంది.

చెప్పింది కూడా. మర్నాడు ఏడుంపావుకి, గుడ్లు పొరటు చేసి అతని పళ్ళెంలో వేస్తూ చెప్పింది. మూత్రపిండాలు అన్న మాట రెండుసార్లు వాడింది. డ్వైట్ టోస్టుకి వెన్న రాసుకుంటూ, సరే స్టోడార్డ్‌తో మాట్లాడతానన్నాడు. తర్వాత, "నువ్వు ఆవిడతో వంటల సంగతులు మాట్లాడు కొరీన్, ఆటల సంగతి నాకొదిలెయ్," అన్నాడు. ఆ వారంలో ఇంకో రెండుసార్లు అడిగింది. రెండోసారి, నస పెట్టకన్నాడు. ఐజయకి రెండు రోజులు విశ్రాంతి ఇచ్చారు, మళ్ళీ దింపారు. ఆ రెండు రోజులకే లవోన్ కృతజ్ఞతలు చెబుతూ కార్డు పంపింది. పసుపుపచ్చ పువ్వుల కార్డు. మీరున్నారన్న ధైర్యంతో నిద్రపోతున్నాను అని రాసింది.

సాయంత్రం భోజనానికి డ్వైట్ తల్లి ఆర్డిస్ వచ్చింది. ఎనభైఆరేళ్ళు, వీపు ఇంకా వంగలేదు. కొడుకు ఫోను మాట్లాడటానికి వరండాలోకి వెళ్ళగానే ఆవిడ చేతిరుమాలు ఒళ్ళో సర్దుకుంది.

"మీ మామ హైస్కూలు హెడ్‌మాస్టరుగా ఉన్నప్పుడు ఆయన మీద కూడా ఇలాగే వచ్చింది అమ్మాయ్. బస్సు ప్రమాదం. డ్రైవరు తాగుతాడని ఆయనకి తెలుసు. నాకూ తెలుసు."

"మరి?"

"మరేముంది. నన్నెవరూ అడగలేదు. నేనూ చెప్పలేదు. ఇల్లు నిలబడింది."

"బస్సులో పిల్లలున్నారా?" అంది కొరీన్.

ఆర్డిస్ చెంచాతో బంగాళాదుంపల్ని ఓ పక్కకి జరిపింది. "ఇందులో ఉప్పు తగ్గింది," అంది ఆవిడ చివరికి. వెళ్ళేటప్పుడు గుమ్మంలో ఆగి, కోడలి ముంజేతిని నొప్పి పుట్టేలా పట్టుకుని వదిలేసింది. అది హెచ్చరికో, మరేమైనానో కొరీన్‌కి అర్థం కాలేదు.

మర్నాడు పొద్దున్నే ఆకాశం ఇత్తడి రంగుకి తిరిగింది. గాలి లేదు. కారులో డ్వైట్ ఏసీ పెంచి, టై సర్దుకుని, వాన గురించి చెప్పినంత మామూలుగా చెప్పాడు.

"ఆవిడ వస్తోందట. లవోన్. మన ఇంటికి ఫోను చేశానంటుంది. అలా అంటే, నువ్వు నాకు చెప్పడం మర్చిపోయావని చెబుతాను. లాయరు కూడా అదే మంచిదన్నాడు."

కొరీన్ కిటికీలోంచి చూస్తోంది. పెట్రోలు బంకు ముందు బోర్డు మీద డైరెక్టరుకి మా మద్దతు అని అక్షరాలు పేర్చి ఉన్నాయి.

"నేను మర్చిపోయానని."

"మనుషులన్నాక మర్చిపోతారు. నిన్నెవరూ ఏమీ అనరు. నీకు పోయేదేముంది కొరీన్? నిన్ను తీసెయ్యడానికి నీకు ఉద్యోగం లేదు కదా."

అతను ఆ మాట దురుద్దేశంతో అనలేదు. ఆమెకి ఒళ్ళు జలదరించింది అందుకే. ఇరవైరెండేళ్ళు వండింది, విన్నది, ఓదార్చింది, పేర్లు గుర్తుపెట్టుకుంది. ఎవరి తమ్ముడికి ఉబ్బసమో, ఎవరి నాన్న జైల్లో ఉన్నాడో, ఎవరికి వేరుశనగ పడదో. ఆ పనికి పేరు లేదు. పేరు లేదు కాబట్టి ఆ పనిలో విన్న మాట ఎవరూ విననట్టే. చెప్పిన మాట ఎవరూ చెప్పనట్టే. కాని మర్చిపోయిన తప్పు మాత్రం ఆమె పేరున రాయొచ్చు. అంతవరకు ఆమె ఉద్యోగి.

"నీలం నీకు బాగుంటుంది," అన్నాడు డ్వైట్, కారు ఆపుతూ.

హాలు నిండిపోయింది. కమిటీ అధ్యక్షురాలు వినిఫ్రెడ్ కూల్, రిటైరైన జిల్లా జడ్జి. కళ్ళద్దాలు ముక్కు చివర పెట్టుకుని, ఎవరు మాట్లాడినా మొహం మారకుండా వింటుంది. స్టోడార్డ్ గోడవారన చేతులు కట్టుకుని నిలబడ్డాడు, మైదానానికి వెళ్ళే బట్టల్లోనే ఉన్నాడు. డ్వైట్ తన కాయితం చదివాడు. ఎక్కడా తడబడలేదు. చివర్లో వెనక్కి తిరిగి, ఇన్నేళ్ళూ ఈ పిల్లలకి తల్లిలా అన్నం పెట్టిన నా భార్య, అన్నాడు. చప్పట్లు కొట్టారు. కొరీన్ వీపు వెనక ఆ చప్పట్లు వడగళ్ళలా పడ్డాయి.

చివరి వరుసలోంచి ఒకామె లేచింది. లాండ్రీ యూనిఫారంలోనే వచ్చింది, డ్యూటీ దిగి సరాసరి బస్సెక్కినట్టుంది.

"నేను ఐజయ తల్లిని. జూన్‌లో నేను ఫోను చేశాను."

"ఎవరికి చేశారు? ఆఫీసుకా?" అంది జడ్జి.

"కాదండి. వాళ్ళింటికి. ఆవిడకి." లవోన్ వేలు ఎత్తి చూపలేదు, గడ్డంతో చూపింది. "ఆవిడ చూసుకుంటామంది. అందుకని నేను రాలేదు."

డ్వైట్ మైకు దగ్గరికి వంగాడు, గొంతు మెత్తబరచుకున్నాడు. "చాలామంది తల్లులు మా ఇంటికి ఫోను చేస్తారు. నా భార్య మంచి మనసుగలది. తలమీద ఎన్నో పనులుంటాయి. ఈ సంగతి నాతో చెప్పడం మర్చిపోయింది. దానికి ఆమెని నిందించొద్దని కమిటీని ప్రార్థిస్తున్నాను." వెనక్కి తిరిగి చూశాడు. ఆ చూపులో బెదిరింపు లేదు, నమ్మకం ఉంది. సరుకుల పట్టీ చేతికిచ్చి వెళ్ళేవాడి నమ్మకం.

జడ్జి కళ్ళద్దాలు తీసింది. "మిసెస్ హాల్వర్సన్, మీరేమైనా చెబుతారా? చెప్పి తీరాలని లేదు."

కొరీన్ లేచింది. ఆమె గొంతు డులూత్‌లో డ్యూటీ మారేటప్పుడు తర్వాతి నర్సుకి రోగి స్థితి అప్పజెప్పినట్టు వచ్చింది.

"నేను మర్చిపోలేదండి. జూన్ పదిహేడు, పొద్దున ఏడుంపావుకి చెప్పాను. మూత్రం కోలా రంగులో ఉందని, కండలు కరుగుతున్నాయన్న దానికి గుర్తని, మూత్రపిండాలు పోతాయని చెప్పాను. నేను నర్సుని. ఇరవయ్యో తారీఖున ఒకసారి, ఇరవైమూడున ఒకసారి అడిగాను. నస పెట్టకన్నాడు, ఊరుకున్నాను. అది నా తప్పు. ఆ తల్లిని రావద్దన్నదీ నేనే. అదీ నా తప్పు. మర్చిపోవడం మాత్రం నాది కాదు."

"కొరీన్," అన్నాడు డ్వైట్, మైకు దగ్గర ఉన్నానన్న సంగతి మరిచి. ఆ ఒక్క మాట హాలంతా వినపడింది.

"ఇంకేమైనా ఉందా?" అంది జడ్జి.

"ఉందండి. ఆయన సంగతి మీరు వచ్చేవారం తేల్చుకోండి, పై నెల తేల్చుకోండి. ఇవాళ నాలుగింటికి ఆ గోతిలోకి మళ్ళీ పిల్లల్ని దింపుతారు. అది ఇప్పుడు తేల్చండి."

ముగ్గురూ తలలు దగ్గరికి చేర్చారు. రెండు నిమిషాలు కూడా పట్టలేదు. విచారణ పూర్తయ్యేదాకా మైదానం మూసెయ్యాలని జడ్జి చెప్పింది. స్టోడార్డ్ తలుపు దడాల్న వేసి పోయాడు. ఎవరో ఆడమనిషి, ఇంటి మగాణ్ణి నడిబజార్లో నిలబెట్టింది, అంది పక్కామెతో, వినపడేలాగే. డ్వైట్ పదవి పోవడానికి ఇంకో పదిహేను రోజులు పట్టింది. ఆ సంగతి అప్పుడు ఎవరికీ తెలియదు. అప్పుడు కొరీన్‌కి తెలిసిందల్లా కారు తాళాలు డ్వైట్ జేబులో ఉన్నాయని, ఆ కారులో తను మళ్ళీ ఎక్కదని.

కొరీన్ మొదటి వరుస వదిలి వెనక్కి నడిచింది. జనం దారిచ్చారు, మర్యాదకి కాదు, తగలకుండా. చివరి వరుసలో లవోన్ పక్కన ఒక్క కుర్చీ ఖాళీగా ఉంది. దాని మీద లవోన్ చేతిసంచీ ఉంది.

లవోన్ ఆమెని చూసింది. సంచీ తియ్యలేదు.

కొరీన్ కుర్చీ పక్కన గోడకి ఆనుకుని నిలబడింది.