చిక్కుడుకాయ కిచిడీ

నాకు కోపం తొందరగా వస్తుంది. దానికి తోడు చదువుకున్నదాన్నన్న ధీమా ఒకటి. ఈ రెండూ కలిసి ఒక సోమవారం నాడు మా పిల్లల చేత మధ్యాహ్న భోజనం పారబోయించాయి. ఆ సంగతి నేనే చెప్పడం మంచిది. మా స్టాఫ్ రూంలో ఎవరైనా చెబితే నన్ను ఇంకో రెండాకులు ఎక్కువ మూర్ఖురాలిని చేసి చెబుతారు.

నా పేరు రిబ్కా, మాది వేంసూరు. చర్ల దాటాక అడవి అంచున ఉన్న ఒక చిన్న హైస్కూల్లో జీవశాస్త్రం చెబుతాను. మొత్తం అరవై రెండు మంది పిల్లలు. అందరూ చుట్టుపక్కల కోయగూడేల నుంచి నడిచి వచ్చేవాళ్లే.

ఆ ఏడాది ఆరోగ్యకరమైన ఆహారం మీద పిల్లలతో ప్రాజెక్టు చేయించమని పైనుంచి ఉత్తర్వు వచ్చింది. మండలానికి ఒక్క బడినే ఎంచి కొత్తగూడెం పంపుతారట. తొమ్మిదో తరగతి భవాని ఆ రోజే నా బల్ల దగ్గరికి వచ్చి నిలబడింది. "కొత్తగూడెంల మైకు పట్టుకొని నేనే మాట్లాడాలె మేడం. ఏం చెయ్యాల్నో చెప్పున్రి" అంది. నేను చెప్పకముందే ఏం చెయ్యాలో కూడా తనే చెప్పింది.

భవాని ఆలోచన చాలా తేలిక. రోజూ భోజనాలయ్యాక పళ్లేల్లో మిగిలినదంతా ఒక బకెట్‌లో వేసి, వంటగదిలోని కాటా మీద తూచాలి. నోటుబుక్కులో తేదీ, వంటకం, మిగిలిన బరువు, కారణం అని నాలుగు గడులు గీసింది. నీళ్ల చారు పోసిన రోజు మూడు కిలోలు మిగిలేది. మునగాకు పప్పు వండిన రోజు అరకిలో కూడా మిగిలేది కాదు. నెల తిరిగేసరికి ఆ పిల్ల హెడ్మాస్టరుగారి దగ్గరికి పుస్తకం పట్టుకెళ్లి, వారానికి రెండుసార్లు మునగాకు పప్పు వండేలా ఒప్పించింది. పాతికేళ్ల సర్వీసున్న ఆయన ఆ పిల్ల లెక్కకు తలొగ్గారు. నేనైతే ఊరంతా చాటింపు వేసినంత పని చేశాను.

ఇక నా నిర్వాకం. బడితోటలో ప్రహరీ పొడవునా చిక్కుడు పాదులు విరగకాశాయి. ప్రాజెక్టు చూడడానికి వచ్చే జడ్జీలు వేసే మార్కుల్లో, బడితోట కూరగాయలు వండి పెడితే పది మార్కులున్నాయి. కాయలు కోయమని భవానికి చెప్పాను.

"ఇంక కొత్తలు కాలే మేడం" అంది భవాని.

కొత్తల పండుగ గురించి నేను విన్నదే. ఊరంతా కలిసి ఒక రోజు అనుకుని, కొత్త చిక్కుళ్లు అమ్మోరికి పెట్టేదాకా ఎవరూ కాయ ముట్టరు. నేనేమో ప్రొటీన్లు, ఇనుము, పీచు అంటూ బోర్డు నిండా రాసి చూపించాను.

"అవన్నీ ఉంటయ్ మేడం, ఎక్కడికి పోతయ్. పండుగ అయినంక తింటం" అంది భవాని తాపీగా.

ఆ తాపీతనానికి నాకు ఒళ్లు మండింది. సోమవారం పొద్దున్నే నేనే బుట్ట తీసుకుని వెళ్లి నాలుగు కిలోల కాయలు కోశాను. కూరగా వండితే పక్కకు తోసేస్తారని, సన్నగా తరిగించి కిచిడీలో కలిపించాను. ఏరి పారెయ్యడానికి వీల్లేదన్నమాట. ఆ తెలివికి నన్ను నేనే మెచ్చుకున్నాను. వంట చేసే నాగక్క గరిటె నా చేతికిచ్చి, "ఉప్పు నువ్వే చూడు మేడం" అంది. రోజూ తనే చూసే మనిషి ఆ రోజు నన్నెందుకు చూడమందో నా బుర్రకు తట్టలేదు.

పిల్లలు వరుసగా కూర్చుని పళ్లేల్లో కిచిడీ పెట్టించుకున్నారు. ఎవరూ గొడవ చేయలేదు, ఏడవలేదు. ఒకరి తర్వాత ఒకరు లేచి పళ్లెం బకెట్‌లో వంచి, చేతులు కడుక్కుని క్లాసుకు వెళ్లిపోయారు. ఒక బకెట్ చాలక రెండోది తెచ్చారు. నేను వరండాలో నిలబడి, "తినకపోతే మీ కడుపే మాడుతుంది" అని అరుస్తూనే ఉన్నాను. ఆరో తరగతి చిన్నది ఒకతె తలూపి మరీ పారబోసింది.

భవాని రెండు బకెట్లూ తూచింది. పద్నాలుగు కిలోలు. మధ్యాహ్నం మూడో పీరియడ్‌లో ఇద్దరు పిల్లలు ఆకలికి బల్ల మీద తల వాల్చేశారు. ఆరోగ్యకరమైన ఆహారం మీద ప్రాజెక్టు చేస్తూ పిల్లల్ని పస్తు పెట్టిన టీచరు జిల్లా మొత్తంలో నేనొక్కదాన్నే అయ్యుంటాను. నాకు సిగ్గేసింది. సిగ్గేస్తే నాకు కోపం ఇంకా పెరుగుతుంది.

"ఈ రోజు లెక్క తీసెయ్. జడ్జీలకు చూపించే చార్టు పాడవుతుంది" అన్నాను భవానితో.

"చూసింది చూసినట్టు రాయాల్నని మీరే చెప్పిన్రు గద మేడం" అంది.

ఆ సాయంత్రమే వాళ్ల గూడేనికి వెళ్లాను. భవాని తాత జంపయ్య ఊరి పెద్ద. పండుగ రోజు ఖాయం చేసేది ఆయన ఇంటి ముందే. ఇంటి కప్పు నిండా చిక్కుడు పాదు, వేలాడే గుత్తులు. ఒక్క కాయ కూడా కోసిన జాడ లేదు. మంచం వాల్చి కూర్చోమన్నాడు. శుక్రవారం జడ్జీలు వస్తున్నారు, పండుగ ఆలోపే చేసుకోరాదా అని అడిగాను. అడగడానికి నాకు మొహమాటం ఉండదు.

జంపయ్య నవ్వాడు. "మా ఇంటి పాదు ముందు కాసింది టీచరమ్మా. గా మూలకు గంగక్క ఇంటి పాదు ఇంక పూతల్నే ఉంది. ఆమె పిల్లలు చూస్తుండంగ మేమెట్ల తింటం? అందరి పాదు కాయాలె, అమ్మోరికి పెట్టాలె, అప్పుడు అందరం ఒక్క దినమే తింటం." తర్వాత, "ఈ పొద్దు పిల్లలు ఉపాసమే ఉన్నరంట గద" అన్నాడు. నింద కూడా వెయ్యలేదు, అడిగాడంతే.

నాకు మా వేంసూరు చర్చి గుర్తొచ్చింది. కోతల పండుగకు తొలి మొక్కజొన్న కంకులు బలిపీఠం ముందు పెట్టేదాకా మా ఇంట్లో ఎవరమూ గింజ నోట్లో వేసుకునేవాళ్లం కాదు. ఎనిమిదేళ్లప్పుడు ఒక కంకి దొంగతనంగా కాల్చుకుని తిన్నందుకు మా అమ్మ వీపు పగలగొట్టింది. మాది భక్తి, వీళ్లది మూఢనమ్మకం అని నేను ఎప్పుడు ఎక్కడ నేర్చుకున్నానో నాకే తెలియలేదు. తిరిగి వస్తుంటే దారి పొడవునా మనసు బాగాలేదు.

మర్నాడు ప్రార్థన అయ్యాక పిల్లల ముందు తప్పు నాదేనని చెప్పాను. వాళ్లు సరే అన్నట్టు చూసి క్లాసులకు వెళ్లిపోయారు. పిల్లల దగ్గర ఒప్పుకోవడం తేలికే అనిపించింది.

శుక్రవారం జడ్జీలు ఇద్దరు వచ్చారు. భవాని లెక్కలన్నీ ఎక్కించిన చార్టు దగ్గర నిలబడి గడగడా చెప్పుకుపోతోంది. వాళ్లలో పెద్దాయన తోట వైపు చూసి, "ఇన్ని చిక్కుళ్లున్నాయి, పళ్లెంలో ఒక్కటీ లేదే" అన్నాడు. కొత్తల పండుగ సంగతి భవాని చక్కగా చెప్పింది. ఆయన తలూపాడు గానీ పది మార్కుల గడిలో సున్నా వేశాడు. తర్వాత ఆయన వేలు చార్టులో పద్నాలుగు కిలోల దగ్గర ఆగింది.

"పండుగ కాకుండా తినరని చెప్పావు. మరి వండింది ఎందుకు? కారణం గడి ఖాళీగా ఉందేం?"

రెండు నెలల్లో మొదటిసారి భవాని నోరు మూతపడింది. నా వైపు మాత్రం చూడలేదు.

"కారణం లేకపోతే మిగతా లెక్కలు నమ్మేదెట్లా అమ్మా" అన్నాడాయన.

హెడ్మాస్టరుగారు గొంతు సవరించుకుంటున్నారు. ఆయన ఏదో ఒక అబద్ధం అతికిస్తారని నాకు తెలుసు. పై అధికారుల ముందు తలదించుకోవడం నాకు చచ్చేంత కష్టం. అయినా ముందుకు వెళ్లి, భవాని చేతిలోని పెన్ను తీసుకుని ఆ గడిలో రాశాను. "పిల్లలు తినబోమని చెప్పినా వినకుండా టీచర్ వండించింది." కింద సంతకం కూడా పెట్టాను.

పెద్దాయన చదివి నా వైపు చూశాడు. భవాని పెన్ను తిరిగి తీసుకుని, "ఇప్పుడు అడుగున్రి సార్, అన్నీ చెప్త" అంది. తర్వాత ఇరవై నిమిషాల పాటు వాళ్లను కుర్చీల్లోంచి కదలనివ్వలేదు.

సాయంత్రం ఫోన్ వచ్చింది. మండలం నుంచి కొత్తగూడెం వెళ్లేది మా బడే. భవాని అప్పటికే చార్టు చుట్టి గోనెసంచిలో పెడుతోంది. కారణం నీకు తెలుసు కదా, నువ్వే ఎందుకు రాయలేదని అడిగాను.

"నేను రాస్తే మీ మీద చాడీ చెప్పినట్టయితది మేడం" అంది సంచి మూతి కడుతూ. "మీరు రాస్తేనే అది కారణం అయితది."