ఎర్ర కడ్డీ వాల్వు

మధ్యాహ్నానికల్లా మేడమీది ట్యాంకు ఖాళీ అయిపోతోంది. పొద్దున్నే మోటారు వేసి నిండా నింపుతారు. భోజనాల వేళకు కుళాయి తిప్పితే బుస్సుమని గాలి. మెట్ల దగ్గర రోజూ గొడవే. పై అంతస్తువాళ్ళు కిందివాళ్ళను ఆడిపోసుకుంటారు, కిందివాళ్ళు పైవాళ్ళను. కార్లు కడిగేది ఎవరు, బట్టలు ఎక్కువ ఉతికేది ఎవరు, తలుపేసుకుని తీరిగ్గా స్నానాలు చేసేది ఎవరు అంటూ మాటా మాటా పెరిగేది.

ఆ గొడవలో నోరు విప్పనిది ఒకింటి కోడలు ఒక్కతే. ఫ్లష్ ట్యాంకుల్లో బిగించే వాల్వులు తయారుచేసే ఫ్యాక్టరీలో, పరీక్ష గదిలో ఆమె ఉద్యోగం. అక్కడ ఒక ఇనుప చెయ్యి పొద్దస్తమానం ట్యాంకు మీటలు నొక్కుతూనే ఉంటుంది. ఏ భాగం ముందు అరుగుతుందో, ఏది ముందు విరుగుతుందో ఆమె చూసి చెప్పాలి. అందుకే ఆమె అనుమానం కార్లమీదికీ స్నానాలమీదికీ పోలేదు.

ఒక సెలవురోజు బట్టలకు పెట్టే నీలిమందు సీసా పట్టుకుని ఇంటింటి తలుపూ తట్టింది. "మీ ఫ్లష్ ట్యాంకులో రెండు చుక్కలు వేస్తాను. ఓ అరగంట ఎవరూ నొక్కకండి. కమోడ్‌లో నీలం కనిపిస్తే నీళ్ళు కారుతున్నట్టే."

"మా ఇంట్లో చుక్క కూడా కారదమ్మా" అన్నారు ప్రతి ఇంటివాళ్ళూ, కూడబలుక్కున్నట్టుగా.

అరగంట తర్వాత సగానికి పైగా ఇళ్ళలో నీలం కనిపించింది. తప్పంతా పక్కవాళ్ళదేనని గొంతు చించుకున్న కింది అంతస్తు టైలరు ఇంట్లో అయితే కమోడ్ మొత్తం సిరా బుడ్డిలా తయారైంది. ఆ సాయంత్రం మెట్ల దగ్గర చడీచప్పుడూ లేదు. ఆమెకు మాత్రం 'లీకేజీ మేడం' అన్న పేరు పడిపోయింది.

అన్ని ఇళ్ళలోనూ ఫ్లష్ ట్యాంకు అడుగున నీళ్ళను ఆపే రబ్బరు మూతలు కొత్తవి వేయించింది. కొన్నాళ్ళు బాగానే ఉంది. తర్వాత మళ్ళీ కుళాయిల్లో బుస్సుమని గాలి. దాంతో ఆమెకు కుదురు పోయింది. అన్నం కలుపుతూ కలుపుతూ లేచి వెళ్ళి ట్యాంకు మూత ఎత్తి చూసేది. ఎవరైనా మాట్లాడుతుంటే మధ్యలో చెయ్యెత్తి ఆపి, నీళ్ళ చప్పుడు కోసం చెవి ఒగ్గేది.

ఆమె భర్త బస్సు డ్రైవరు. రోజంతా హారన్లు విని వచ్చిన మనిషికి ఇంట్లో కూడా ప్రశాంతత లేకుండా పోయింది. "కాలు కాలిన పిల్లిలా ఏమిటా తిరుగుడు? కాసేపు కూర్చోరాదూ?" అన్నాడు.

"కూర్చుంటే కారడం ఆగుతుందా? అసలు తప్పు రబ్బరుది కాదండీ. కింద మూత సరిగ్గా పడక నీళ్ళు సన్నగా కారుతాయా? కారినంతా పైనుంచి వాల్వు చప్పుడు లేకుండా నింపేస్తూ ఉంటుంది. దొంగ ఎంత పట్టుకుపోతే అంతా తెచ్చి మళ్ళీ బీరువాలో సర్దే ఇంటాయన లాంటిది. ఇంక దొంగతనం జరిగినట్టు ఎవరికి తెలుస్తుంది?"

"అయితే ఆ ఇంటాయనకు బుద్ధి ఎవరు చెబుతారు?"

"నేనే" అంది.

ఆ మాట అన్న మర్నాటి నుంచి బాల్కనీ కాస్తా వర్క్‌షాపు అయిపోయింది. ఫ్యాక్టరీలో పారేసిన వాల్వులు, పాత గొడుగు ఊచలు, సైకిలు బ్రేకు తీగలు అక్కడ గుట్టపడ్డాయి. ఆమె ఆలోచన చెప్పుకోవడానికి తేలికే. ఎవరైనా మీట నొక్కితే ట్యాంకు ఒక్కసారి నిండాలి. నిండగానే వాల్వుకు కొక్కెం పడిపోవాలి. నీళ్ళు వాటంతటవే కారిపోతే మళ్ళీ నిండకూడదు. చెయ్యడం మాత్రం ప్రాణం తీసింది. కొక్కెం ఒకసారి పడితే ఊడేది కాదు, ఇంకోసారి అసలు పడేదే కాదు. చేతిలోని ముక్కను విసిరికొట్టి, మరుక్షణం తనే పరిగెత్తి ఏరుకొచ్చేది.

చివరికి కొక్కెం కుదిరింది. దాన్ని సొంత ఇంటి ట్యాంకులోనే బిగించి, పరీక్ష కోసం రబ్బరు మూత కింద కావాలని ఒక దారప్పోగు ఇరికించింది. నీళ్ళు కారిపోయాయి. ట్యాంకు అడుగు తేలింది. పైనుంచి ఒక్క చుక్క రాలేదు. ఆమె బాత్‌రూములో ఒంటరిగా చప్పట్లు కొట్టింది.

పరీక్ష ఇంకా సాగాలని ఆ పోగు అలాగే ఉంచి, ఇంట్లోవాళ్ళకు చెప్పింది. "ట్యాంకు ఖాళీగా ఉంటే ఒకసారి నొక్కండి. నిండేదాకా ఆగి మళ్ళీ నొక్కండి. కొన్నాళ్ళు ఓపిక పట్టాలి."

భర్త తల ఊపాడు. అత్తగారు కూడా ఊపింది. మోకాళ్ళ నొప్పులున్నా కుట్టుమిషను వదలని మనిషి ఆవిడ. తన పని తను చేసుకుంటుంది, ఎవరినీ ఏదీ అడగదు.

తర్వాత రోజుల్లో ఆమె కళ్ళన్నీ కొక్కెం మీదే ఉన్నాయి. అత్తగారు టీ వద్దంటోందని గాని, కుట్టుమిషను దగ్గర నీళ్ళ చెంబు ఎక్కడ పెట్టింది అక్కడే ఉంటోందని గాని గమనించలేదు. ఒక ఉదయం మిషను చప్పుడు ఉన్నట్టుండి ఆగిపోయింది. వెళ్ళి చూస్తే అత్తగారు తల మిషను మీద వాల్చి ఉంది. ముఖం పాలిపోయింది. పిలిస్తే మాట ముద్దగా వచ్చింది.

ఆటోలో ఆస్పత్రికి తీసుకెళ్ళారు. సెలైను ఎక్కించాక డాక్టరమ్మ అడిగింది. "పెద్దావిడ ఒంట్లో నీళ్ళే లేవు. ఎందుకమ్మా తాగడం లేదు?"

అత్తగారు గోడవైపు తిరిగింది. డాక్టరమ్మ పక్క మంచం దగ్గరికి వెళ్ళాక కోడలు దగ్గరగా కూర్చుని అడిగింది. "నిజం చెప్పండి అత్తయ్యా. ఎందుకు?"

"తాగితే వెళ్ళాలిగా అమ్మాయీ."

"వెళితే ఏమైంది?"

"ఏమైందా? నొక్కితే నీళ్ళుండవు. ఈ మోకాళ్ళతో గోడ పట్టుకుని నిలబడి, అది నిండేదాకా కాపలా కాయాలి. మొన్న బట్టలు కుట్టించుకోవడానికొచ్చిన అమ్మాయి నా వెనకే లోపలికెళ్ళింది. నిండిందనుకుని నొక్కి వచ్చేశాను, నిండలేదట. ఆ పిల్ల ముక్కు మూసుకుని బయటికొచ్చింది. నా తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు."

"నాతో ఒక్క మాట చెప్పొచ్చు కదా!"

"రాత్రీ పగలూ దానిమీదే పడి ఉన్నావు. నీ ఉత్సాహం మీద నీళ్ళు చల్లడం ఎందుకని ఊరుకున్నాను."

ఆమె ఇన్నాళ్ళూ నీళ్ళు ఆదా చేస్తున్నానని మురిసిపోయింది. ఇంట్లో మనిషి గొంతు ఎండబెట్టుకుని దాక్కుంటుంటే తన కంట పడనేలేదు. ఇంటికి రాగానే చెప్పులైనా విప్పకుండా వెళ్ళి ఆ వాల్వు పీకేసింది, పాతది బిగించింది. బాల్కనీలోని సామానంతా గోనెసంచిలో కుక్కింది.

కానీ మనసు మనసులో లేదు. ఫ్యాక్టరీలో ఇనుప చెయ్యి ఎదుట ఎక్కువసేపు నిలబడలేకపోయేది. ఇంట్లో ఒక గదిలోంచి ఇంకో గదిలోకి ఏదో మరిచిపోయినదానిలా తిరిగేది. కోలుకున్న అత్తగారు అది చూసి చూసి విసిగిపోయింది.

"ఎందుకు పీకేశావది?"

"మీ ప్రాణం మీదికి తెచ్చింది చాలదా?"

"నా ప్రాణానికేం, గట్టిదే. చూడు, నీళ్ళు లేకపోవడం కాదు నా బాధ. లేవని లోపలికెళ్ళాక తెలియడం బాధ. వెళ్ళకముందే తెలిస్తే నా తిప్పలు నేను పడతాను. అదీగాక, మొదటిసారి కారగానే మనిషికి శిక్ష వేసేస్తే ఎలా? ఒకసారికి వదిలెయ్యాలి."

ఆమె ఆవిడ ముఖంలోకి చూసింది. మళ్ళీ గోడవైపు చూసింది. "ఒకసారికి వదిలెయ్యాలి" అని తనలో తను అనుకుంటూ వెళ్ళి గోనెసంచి బోర్లించింది.

ఈసారి కొక్కేనికి చిన్న పళ్ళచక్రం తోడైంది. ట్యాంకు తనంతట తనే ఖాళీ అయితే వాల్వు ఒకసారికి మళ్ళీ నింపుతుంది. నింపుతూనే ట్యాంకు పైమూతలోంచి ఒక ఎర్ర కడ్డీని పైకి లేపుతుంది. తలుపు దగ్గరి నుంచే అది కనిపిస్తుంది. కడ్డీ చూసి కూడా ఎవరూ పట్టించుకోకపోతే, రెండోసారి కారినప్పుడు మాత్రం కొక్కెం పడుతుంది. గొడుగు ఊచకు కుట్టుమిషను పెట్టెలోని ఎర్రదారం చుట్టి రంగు సంగతి తేల్చింది అత్తగారే. "ఇంకాస్త పొడుగు ఉండాలి. కళ్ళజోడు లేకుండా కనబడాలి నాకు" అని కడ్డీని రెండుసార్లు మార్పించింది కూడా.

టైలరు తన ఇంట్లో కూడా పెట్టమని వచ్చాడు. అతన్ని చూసి మిగతా ఇళ్ళవాళ్ళు అడిగారు. కొద్ది రోజులకే కొత్త గొడవ మొదలైంది. "మీ ఇంట్లో కడ్డీ లేచింది, మా ఇంట్లో లేవలేదు" అని పిల్లలు కూడా దెప్పుకోవడం. మేడమీది ట్యాంకులో మాత్రం సాయంత్రం దాకా నీళ్ళు నిలిచాయి.

వాల్వు తీసుకెళ్ళి ఫ్యాక్టరీ మేనేజరు బల్లమీద పెట్టింది. అతను అటూ ఇటూ తిప్పి చూశాడు. "ఆలోచన బాగుందమ్మా. కానీ భాగాలు ఎక్కువ. ఇందులో ఏదో ఒకటి విరుగుతుంది."

"విరిగేదేదో చూద్దాం సార్. ఇనుప చెయ్యి ఖాళీగానే ఉంది."

వాల్వును పరీక్ష బల్లకు బిగించారు. ఇనుప చెయ్యి నొక్కడం మొదలుపెట్టింది. ఆమెకు నిలబడితే కాలు నిలవదు, కూర్చుంటే కుర్చీ గుచ్చుకుంటుంది. ఇంకో వాల్వు చూడబోయి, సగంలో వదిలి దీని దగ్గరికే వచ్చేది. అలా రోజులు గడిచాయి. ఒక మధ్యాహ్నం టప్పుమంది. పళ్ళచక్రంలో ఒక పన్ను ఎగిరి ట్యాంకులో పడింది.

మేనేజరు జాలిగా చూశాడు. ఆమె చెయ్యి ముంచి ఆ పన్ను తీసి, తుడిచి, వెలుతురుకు పట్టి చూసి ఇంటికి ఫోను చేసింది.

"విరిగింది అత్తయ్యా!"

"అయ్యో! మరి నవ్వుతావేం?"

"ఇన్నాళ్ళూ ఎక్కడ విరుగుతుందో తెలియక చచ్చాను. ఇప్పుడు తెలిసింది. పన్ను మొదలు దగ్గర మందం చాలలేదు, అంతే."

మందం పెంచిన చక్రం విరగలేదు. ఇనుప చెయ్యే అరిగి దానికి మరమ్మతు చేయించాల్సి వచ్చింది. మేనేజరు ముందు ఒప్పుకున్నాడు, పైవాళ్ళు మెల్లగా ఒప్పుకున్నారు. మొదటి తడవ చేసిన వాల్వులు ఒక ఆస్పత్రికి వెళ్ళాయి. అక్కడి నర్సులు కడ్డీ ఉంచి కొక్కెం తీసెయ్యమన్నారు, రోగులకు ఏ పూటా నీళ్ళు ఆగకూడదని. ఆమె వాదించలేదు. వార్డులన్నీ తిరిగి చూసి, అలాగే తీసేసింది.

ఫ్యాక్టరీలో ఆమెను పరీక్ష గది నుంచి డిజైను గదికి మార్చారు. కొత్త కుర్చీ మెత్తగా ఉంటుంది, ఆమె దానిలో కూర్చునేది తక్కువ. ఇప్పుడు ఆమెను వేధిస్తున్నది ఇంకోటి. ట్యాంకు నిండేటప్పుడు వచ్చే ఆ సన్నని ఈల. ఎక్కడినుంచి వస్తోందో పట్టుకోవాలని ఆదివారం పొద్దున్నే బాత్‌రూములో దూరి, ట్యాంకు గోడకు చెవి ఆనించి కూర్చుంది.

బయటినుంచి తలుపు దబదబా బాదిన చప్పుడు.

"అమ్మాయీ, రెండు చెంబుల నీళ్ళు తాగానే! బయటికొస్తావా, రావా?"