ఒక గడి పైకి

మెసేజ్ వచ్చినప్పుడు ఆమె వంతెన కడుపు కింద, నిచ్చెన మీద, చేతిలో సుత్తితో ఉంది.

వంతెనల తనిఖీ ఆమె ఉద్యోగం. కాంక్రీటు మీద సుత్తితో కొట్టి చప్పుడు వింటుంది. గట్టిగా ఉన్నచోట ఠంగుమంటుంది, లోపల బోలు పడినచోట డొల్లగా పలుకుతుంది. పాతికేళ్ళుగా అదే పని. శనివారాలు మాత్రం ఇంటర్ పిల్లలకు ఏం చదవాలో, ఏ కాలేజీకి ఎలా దరఖాస్తు పెట్టాలో ఉచితంగా చెబుతుంది. ఆ పిల్లలు ఆమెకు పెట్టిన పేరు సుత్తి మేడం. చేతిలో ఉండే సుత్తి ఒక కారణం, నోట్లో ఉండే సుత్తి రెండో కారణం. పేరు సంగతి ఆమెకు తెలుసు. తెలియనట్టు ఉంటుంది.

మెసేజ్ స్టాప్‌వాచ్ నుంచి. శనివారం పిల్లల్లో ఒకమ్మాయికి ఆమె పెట్టుకున్న పేరది.

‘మేడం, సీటు వచ్చింది మేడం. సివిల్ ఇంజనీరింగ్. నా లిస్టులో అదే మొదట ఉందట మేడం. నేనే ఏదో తప్పు నొక్కినట్టున్నాను మేడం.’

నిచ్చెన కదల్లేదు. అయినా ఆమె రెండో చేత్తో దాన్ని గట్టిగా పట్టుకుంది.

తప్పు నొక్కింది ఆ పిల్ల కాదు.

పది రోజుల క్రితం, శనివారం సాయంత్రం జరిగిందది. ఆమె బావ మందుల షాపు నడుపుతాడు. షాపు పైనున్న రెండు గదులే ఆ శనివారం సలహాల కేంద్రం. ఆరు కంప్యూటర్లు, నలభై మంది పిల్లలు, నలుగురు గైడులు. గోడ మీద బావ స్వయంగా రాసి అంటించిన కాగితం: ‘మౌస్ పిల్లల చేతిలో. మన చేతులు మన ఒళ్ళో.’ గైడు ఎన్ని సలహాలైనా ఇవ్వొచ్చు, మీట మాత్రం పిల్లలే నొక్కాలి. అక్కడున్న నియమం అదొక్కటే.

స్టాప్‌వాచ్‌కి పదిహేడేళ్ళు. ఆటల మాస్టారు పారేసిన స్టాప్‌వాచ్‌ని బాగుచేసుకుని మెడలో వేసుకుంది. బస్సు ఎన్ని నిమిషాలు ఆలస్యమైందో, మేడం ఊపిరి తీసుకోకుండా ఎంతసేపు మాట్లాడిందో కొలిచి నోట్‌బుక్‌లో రాస్తుంది. వాళ్ళమ్మ మరమగ్గాల షెడ్డులో పద్దెనిమిదేళ్ళు పనిచేసి చెవులు పోగొట్టుకుంది. చెవి మిషన్ పెట్టినవాడు సరిగా అమర్చలేదు, మూడేళ్ళు ఆవిడ తలలో ఈల మోగుతూనే ఉంది. అందుకే ఆ పిల్ల మొదటి ఎంపిక ఆడియాలజీ, అంటే వినికిడి పరీక్షల చదువు. మేడం పోరు పడలేక రెండో గడిలో పెద్ద కాలేజీ సివిల్ పెట్టింది.

“నీ ర్యాంకుకి ఆడియాలజీ ఏంటే? పులిని తెచ్చి ఎలకబోనులో పెట్టినట్టు.”

“పులికి బోను నచ్చితే మేడం?”

ఎంపికల లెక్క తేలిక. కంప్యూటరు పై గడి నుంచి చూసుకుంటూ వస్తుంది. పైదాంట్లో సీటు ఉంటే ఇచ్చేస్తుంది, కిందివాటి మొహం కూడా చూడదు. కాబట్టి ఏది పైన ఉందన్నదే తలరాత.

ఆ సాయంత్రం సైటు నత్తలా నడిచింది. పిల్లకి బస్సు టైమైంది. “అన్నీ నింపేశాను మేడం. లాక్ చేయడమొక్కటే మిగిలింది. అది మీరు నొక్కేయండి,” అని బ్యాగు భుజాన వేసుకుని పరుగెత్తింది.

నియమం ప్రకారం మేడం మర్నాడు రమ్మనాలి. అనలేదు. మౌస్ పట్టుకుంది. రెండో గడి పక్కన పైకి చూసే బాణం ఉంది. పిల్లకేం తెలుసు, రేపు నాకే దండం పెడుతుంది, అనుకుంది. ఎదుటి గోడ మీద బోర్డు కూడా కనిపించింది. పెద్ద కాలేజీలో సీటు తెప్పించిన గైడుల పేర్లు రాసే బోర్డది. నాలుగేళ్ళుగా వరసగా ఆమె పేరే. ఐదో ఏడు ఇంకా ఖాళీ.

బాణం మీద ఒక్క నొక్కు. తర్వాత లాక్.

ఇప్పుడు నిచ్చెన మీద నిలబడి ఆలోచిస్తే, పిల్ల భవిష్యత్తు ముందు గుర్తొచ్చిందా, బోర్డు ముందు గుర్తొచ్చిందా అన్నది తేలడం లేదు. తేలకపోవడమే జవాబని కూడా అర్థమవుతోంది.

ఫోనులో తెరిచిన సీట్ల జాబితా కింద చిన్న అక్షరాలతో ఒక వాక్యముంది. అభ్యంతరాలుంటే ఈ రోజు సాయంత్రం ఐదు గంటల్లోగా కార్యాలయానికి రావాలి. రెండో విడత జాబితా రేపు ఉదయం పదికి.

ఆమె సగం రోజు సెలవు పెట్టింది.

*

రెండింటికి కేంద్రం మెట్లెక్కేసరికి తల్లీకూతుళ్ళు బెంచీ మీద కూర్చుని ఉన్నారు. పిల్ల ఏడవలేదు. ఏడ్చినా బాగుండేది.

“నేనే నొక్కానేమో మేడం,” అంది. “కంగారులో వేలు జారిందేమో.”

ఒప్పుకోవడానికి అంతకంటే మంచి సమయం ఉండదు. మేడం నోరు తెరిచింది. “చూద్దాం,” అంది.

బావ కళ్ళతోనే పిలిచి పక్కగదిలోకి తీసుకెళ్ళాడు. మందుల అట్టపెట్టెల మధ్య ఇద్దరు నిలబడేంత చోటుంది.

“లాక్ ఎవరు చేశారు?”

ఆమె ఒక పెట్టె మీద గడువు తేదీ చదువుతోంది.

“మరదలా, మందుల సంగతి నేను చూసుకుంటాలే. నా మొహం చూసి చెప్పు.”

“నేనే బావా. లాక్ చేశాను. అంతకుముందు ఒక గడి పైకి జరిపాను.”

బావ తలుపు దగ్గరగా వేశాడు. 

“ఆ కాగితం నేను ఎవరికోసం అంటించాననుకున్నావ్? గోడ వెలిసిపోయిందనా?” అన్నాడు. “సరే, అయిందేదో అయింది. బయట అనకు. పిల్లల ఖాతాలో గైడు వేలు పెట్టిందని తెలిస్తే మన కేంద్రం మూయిస్తారు. ఒక్కదాని కోసం నలభై మందిని ముంచుతావా? అయినా సివిల్ ఏమన్నా గొయ్యా? ఇంజనీరవుతుంది. పదేళ్ళ తర్వాత నిన్ను తలుచుకుని దండం పెడుతుంది.”

“అదే నా భయం బావా.”

ఆయనకు అర్థం కాలేదు. చేసింది తెలియక పెట్టే దండం గురించి ఆమె విడమరిచి చెప్పలేదు. తలుపు తీసి, “పదండి, ఆఫీసుకెళ్దాం. నేను మాట్లాడతాను,” అంది తల్లీకూతుళ్ళతో. మనసులో ఉపాయం సిద్ధంగా ఉంది. సిస్టం తప్పని చెప్పాలి. సైటు ఆ రోజు మొరాయించిందని అందరికీ తెలుసు. పిల్ల సీటు పిల్లకొస్తుంది, కేంద్రం నిలబడుతుంది, తన పేరు బయటికి రాదు. పామూ చావదు, కర్రా విరగదు.

*

కారులో తల్లి ముందు సీట్లో కూర్చుంది. చెవులు వినపడవు కాబట్టి పెదాలు చూసి మాట పట్టుకుంటుంది. రోడ్డు చూడకుండా, దారి పొడవునా మేడం నోరే చూస్తూ కూర్చుంది.

“ఏదో అనబోయారు?” అంది ఒక సిగ్నల్ దగ్గర.

“లేదండీ.”

“అనబోయారు. పెదాలు కదిలాయి.”

“గొంతు ఎండిందండీ.”

“నీళ్ళు తాగండి,” అని సీసా మూత తీసి ఇచ్చింది. చూపు మాత్రం నోటి మీద నుంచి తీయలేదు.

తేలు కుట్టిన దొంగలా మేడం నీళ్ళు తాగింది. వెనక సీట్లోంచి పిల్ల గొంతు: “మూడూ నలభై. ఈ సిగ్నల్ దగ్గరే నాలుగు నిమిషాలు పోయింది.”

ఆఫీసులో వరస మెట్ల దాకా ఉంది. చేతుల్లో కాగితాలతో తండ్రులు, చున్నీల కొనలతో కళ్ళు తుడుచుకునే ఆడపిల్లలు. ఒక్కో అడుగే ముందుకు పడింది. కౌంటరు దగ్గరికి చేరేసరికి నాలుగూ నలభై ఒకటి.

కళ్ళజోడుకి తాడు కట్టుకున్న గుమాస్తా, తలెత్తకుండా చేయి చాపాడు. మేడం కాగితం ఇచ్చింది.

“సిస్టం తప్పండీ. పాప ఆడియాలజీనే మొదట పెట్టింది. లాక్ అయ్యేటప్పుడు కింది గడి పైకి వెళ్ళిపోయింది.”

గుమాస్తా ఏవో మీటలు నొక్కి, తెరను ఆమె వైపు తిప్పాడు.

“ఆరూ ఇరవై రెండుకి రెండో ఎంపికని పైకి జరిపారు. ఆరూ ఇరవై నాలుగుకి లాక్ చేశారు. సిస్టం దానంతటది జరపదు మేడం, దానికంత ఓపిక లేదు. ఎవరో నొక్కారు.” ఒక కాగితం లాగి నాలుగు ముక్కలు రాశాడు. “అభ్యర్థి పొరపాటు, అర్జీ తిరస్కరించడమైనది. ఇక్కడ సంతకం పెట్టమ్మా. వెనక జనం ఉన్నారు.”

ఇంకో మార్గం ఏదైనా ఉంటుందని మేడం వెతుక్కుంది. పెద్ద అధికారిని కలవొచ్చా? వచ్చే ఏడు మళ్ళీ రాయించొచ్చా? పిల్ల పెన్ను తీసుకుంది. మెడలో స్టాప్‌వాచ్ కౌంటరు చెక్కకి తగిలి టకటకమంది. నాలుగూ నలభై ఆరు.

“పెట్టేయనా మేడం?”

గొంతులో కోపం లేదు, నిష్ఠూరం లేదు. బస్సెక్కేముందు లాక్ చేయమని అడిగినప్పుడు ఎలా ఉందో అలాగే ఉంది ఆ గొంతు. తల్లి మాత్రం మేడం పెదాలనే చూస్తోంది.

“పెట్టకు,” అంది మేడం.

గుమాస్తా తలెత్తాడు.

“జరిపింది నేను. పాప వెళ్ళిపోయాక, దాని ఖాతాలో, నా చేత్తో. ఆడియాలజీ వద్దని అంతకుముందే దాంతో వాదించాను. అది వినలేదు. అందుకని జరిపాను.”

గుమాస్తాకి ఆశ్చర్యం కలగలేదు. “రోజుకి పదిమంది మేనమామలొస్తారు మేడం, నేను నొక్కాను, నేను నొక్కాను అని. పిల్లలకి మనసు మారినప్పుడల్లా ఒక మేనమామ పుడతాడు. రుజువేది?”

మేడం దగ్గర రుజువు లేదు. అబద్ధానికి సాక్ష్యాలు ఆలోచించుకుంది కానీ, నిజానికి కావలసి వస్తుందని అనుకోలేదు.

పిల్ల పెన్ను పక్కన పెట్టి బ్యాగు తెరిచింది. ఫోను తీసి కౌంటరు మీద పెట్టింది. కంప్యూటరు తెర ఫోటో: మొదటి గడిలో ఆడియాలజీ, రెండో గడిలో సివిల్. తీసిన సమయం ఆరూ నాలుగు. తర్వాత నోట్‌బుక్ తెరిచింది. ఆ రోజు పేజీలో బస్సు టికెట్టు అంటించి ఉంది. ఆరూ పది.

“ఆరూ ఇరవై రెండుకి నేను బస్సులో ఉన్నాను సార్.”

గుమాస్తా కళ్ళజోడు సర్దుకుని ఫోటో, టికెట్టు, తెర మార్చి మార్చి చూశాడు. “ఇవన్నీ బ్యాగులో పెట్టుకుని ఇంతసేపు ఏం చేస్తున్నావమ్మా?”

“నేను నొక్కలేదనడానికే ఇవి సార్. నొక్కినవాళ్ళు రాసిస్తేనే మారుస్తారని మీ నోటీసులో ఉంది.”

ఆయన ఇంకో ఫారం తీసి మేడం ముందుకు తోశాడు. వేరొకరి ఖాతాలో అనుమతి లేకుండా మార్పు చేశానని, ఇకమీదట ఏ కేంద్రంలోనూ విద్యార్థులకు గైడుగా ఉండనని, ఈ విషయం తన కేంద్రానికి తెలియజేయడానికి అంగీకరిస్తున్నానని. ఆమె మూడు చోట్ల సంతకం పెట్టింది. ముద్ర పడేసరికి నాలుగూ యాభై ఎనిమిది.

“రేపు రెండో విడతలో చూసుకోండి. మిగిలి ఉంటే వస్తుంది, లేకపోతే లేదు. నా చేతిలో ఏం లేదు,” అని కిటికీ మూశాడు.

మెట్లు దిగుతుంటే తల్లి కూతురి చెవిలో గుసగుసలాడింది. తన గొంతు తనకు వినపడని మనిషి గుసగుస అది. వరండా చివర కాపలావాడు కూడా తిరిగి చూశాడు.

“నేను చెప్పలా, ఆవిడే చెబుతుందని. కారులో మూడుసార్లు నోటిదాకా వచ్చింది, పాపం, మింగేసింది.”

మేడం ఆగిపోయింది. “నేనేనని నీకు ముందే తెలుసా?”

“జాబితా చూసి, ఫోటో చూశాను. తెలిసింది,” అంది పిల్ల.

“నేను చెప్పకపోతే ఆ సంతకం పెట్టేసేదానివా?”

“లేదు. ఐదుకి ఐదు నిమిషాలు తక్కువయ్యేదాకా ఆగి, మీ పేరు నేనే చెప్పేదాన్ని.”

“మరి అంతసేపు ఎందుకాగావు?”

పిల్ల మెట్ల వైపు చూసింది. “మీరు చెబితే బాగుంటుందని.” తర్వాత అంది, “బస్సులో వెళ్తాం.”

*

బావ ఫోను ఆ సాయంత్రమే వచ్చింది. నోటీసు అందింది. కేంద్రం మూయలేదు కానీ ఈ ఏడంతా కంప్యూటర్లు ముట్టుకోకూడదన్నారు. నలభై మందినీ వేరే చోటికి పంపాలి. ఆయన కేకలేయలేదు. “బోర్డు తీసేశాను,” అన్నాడు. “గోడ మీద చతురస్రంగా తెల్లగా ఉంది. ఏం పెట్టాలో తెలియట్లేదు.”  ఆమె క్షమించమంది. “ఆ మాట నాక్కాదు,” అని పెట్టేశాడు.

మర్నాడు మళ్ళీ వంతెన కింద. పదయ్యింది. కొట్టినచోటే రెండుసార్లు కొట్టింది. పదీ పదకొండుకి జేబు వణికింది.

‘పదీ నాలుగుకి వచ్చింది. ఆడియాలజీ. చివరి సీటు.’

అంతే. ఆమె పైకి జరిపి పాత మెసేజులు చూసింది. రెండేళ్ళవి. ఒక్కోదాంట్లో ఎన్నిసార్లు మేడం అని ఉందో లెక్కలేదు. దీంట్లో ఒక్కసారీ లేదు.

కింద నిచ్చెన పట్టుకున్న పనివాడు తలెత్తి చూశాడు. “ఏంటి మేడం, శుభవార్తా?”

“ఒక పిల్లకి సీటొచ్చింది.”

“మీరు గైడ్ చేసిన పిల్లా?”

అవునన్న మాట నాలుక చివరే ఉంది. నాలుగేళ్ళుగా అలవాటైన మాట.

“కాదు,” అంది. “నేను అడ్డుపడ్డ పిల్ల.”

 ఆమె ఫోను జేబులో పెట్టుకుని, సుత్తి ఎత్తి, తర్వాతి చోట కొట్టింది.